వెనక గోడకు వాకిలి

1980 జనవరి 20, ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు ఎమ్మిగనూరులో లక్ష్మప్ప మేస్త్రి, నేతపని చేసే వెంకటేశులు ఇంటి వెనక గోడను పగలగొట్టాడు. ఆ గోడకు వాకిలి పెట్టి దొడ్లో వంటిల్లు కట్టాలని వాళ్లిద్దరూ మాట్లాడుకుని అప్పటికి రెండేళ్లు కావస్తోంది.

ఇల్లు మట్టి మిద్దె. ముందు గదిలో గుంట మగ్గం, వెనక గదిలో పొయ్యి. పొయ్యికి పైన, కప్పులో గవాక్షి ఉండేది. పొగ అందులోంచి పోయేది. 1976 వానలకు గవాక్షి చుట్టూ మిద్దె కారి, గదిలో పెట్టిన చేనేత సంఘం నూలు తడిసింది. వెంకటేశులు గవాక్షి మీద బండ వేసి మట్టి కప్పాడు. కారడం ఆగింది. పొగ ఇంట్లోనే ఉండిపోయింది.

మరుసటేడు వెంకటేశులు భార్య ఈరమ్మకు దగ్గు పట్టుకుంది. ఆదోనిలో డాక్టరు ఛాతీ ఫొటో చూసి మందులు రాశాడు. వెంకటేశులును పక్కకు పిలిచి, పొయ్యి పొగ తప్పకపోతే మందులు పనిచేయవని, మనిషి దక్కదని చెప్పాడు.

ఊరికి తిరిగొచ్చాక ఈరమ్మ దొడ్లో మూడు రాళ్లు పెట్టి వండబోయింది. అత్త చౌడమ్మ రాళ్లు తీసి పారేసింది.

"బైట పొయ్యి పెట్టేది పీనుగకు నీళ్లు కాంచేదానికి. మనింట్లో ఎవురు సచ్చినారు?"

1978 ఫిబ్రవరిలో వెంకటేశులు లక్ష్మప్పను పిలిచాడు. లక్ష్మప్ప దొడ్లో సున్నంతో గది కొలత గీశాడు. పొగగొట్టం ఏ మూలన వస్తుందో చూపించాడు.

"పొయ్యి గట్టు మీద పెట్టల్లన్నా. నిలబడి వండుకుంటా. వంగితే దగ్గు ఆగల్యా," అంది ఈరమ్మ.

"నిలబడి వండేది హోటలోళ్లు గదా," అంది చౌడమ్మ.

"నీ కోడలు హోటలు పెడితే మొదటి దోశె నీకేలే అవ్వా," అన్నాడు లక్ష్మప్ప.

తర్వాత లోపలికి వచ్చి వెనక గోడ మీద సుద్దతో వాకిలి గీశాడు.

"ఇంకా పైకి గియ్యి. తల వంచకుండా పోవల్ల," అంది ఈరమ్మ.

"ఏమే, నువ్వేమన్నా తాటిచెట్టువా?" అన్నాడు వెంకటేశులు.

"నెత్తిన బిందె ఉంటాది గదా. నువ్వెప్పుడన్నా నీళ్లు మోసుంటే తెలుస్చాది."

లక్ష్మప్ప నవ్వి, ఆ గీత తుడిచి జానెడు పైన ఇంకొకటి గీశాడు. సోమవారం పునాది తవ్వుదామన్నాడు.

సోమవారం గడ్డపార, పారలతో వచ్చిన లక్ష్మప్పకు చౌడమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడింది. ఈరమ్మ కోడలు అంజినమ్మకు నెల తప్పింది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో పునాది తవ్వకూడదు, గోడ పగలగొట్టకూడదు.

"అట్లయితే గవాక్షి మీద బండన్నా తీస్తా," అన్నాడు లక్ష్మప్ప.

"కప్పు ఇంటిది కాదా? తీస్తే తీసుకోండి. పుట్టేదానికేమన్నా అయితే నన్నడగాకండి."

వెంకటేశులు ఈరమ్మ వైపు చూశాడు.

"వద్దులేన్నా. మొదటి కాన్పు," అంది ఈరమ్మ.

లక్ష్మప్ప పనిముట్లు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అంజినమ్మకు పొగ తగలకూడదని కాన్పయ్యేదాకా ఈరమ్మే వండింది.

అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. అప్పటి నుంచి వంట అంజినమ్మ చేసింది. ఇల్లు రెండు గదులే కాబట్టి, ఎవరు వండినా పొగ ఈరమ్మ దాకా వచ్చేది.

నవంబరులో లక్ష్మప్పకు మళ్లీ కబురు వెళ్లింది. అతను వచ్చేలోగా కౌతాళంలో వెంకటేశులు అన్న హనుమన్న చనిపోయాడు. హనుమన్నకు కొడుకులు లేరు. తలకొరివి వెంకటేశులు పెట్టాడు. కొరివి పెట్టిన వాడు ఏడాది తిరిగేదాకా ఇంటి పని మొదలుపెట్టకూడదు. ఈసారి ఎవరూ వాదించలేదు. బండ తీస్తానని లక్ష్మప్ప కూడా అనలేదు.

ఆ ఏడాది ఈరమ్మ పడుకోవడం మానేసింది. పడుకుంటే ఊపిరి అందదు. గోడకు ఆనుకుని, కూర్చునే నిద్రపోయేది. ఆదోనికి రెండుసార్లు తీసుకుపోయారు. డాక్టరు మొదటిసారి చెప్పిన మాటే చెప్పాడు.

ఏడాది గడిచాక పురోహితుడు వెంకోబారావు పంచాంగం చూశాడు. పుష్యం పనికిరాదని, మాఘంలో, జనవరి 24 గురువారం నాడు ముహూర్తం పెట్టాడు.

19వ తేదీ శనివారం లక్ష్మప్ప రాళ్లు తెచ్చి దొడ్లో దింపాడు. లోపలికి వచ్చి చూస్తే గోడ మీద సుద్దగీత కనిపించలేదు. మసి కమ్మింది. గోరుతో గీకి, దాని ఆనవాలు పట్టుకుని, ఇటుక ముక్కతో మళ్లీ గీశాడు. ఈరమ్మ గోడ పట్టుకుని నిలబడి చూసింది.

"గురువారం ఖాయమేనా అన్నా?"

"ఖాయమే అక్కా. ఈసారి మీ అత్త అడ్డం పడుకున్యా పగలగొడతా."

"పగలగొట్టప్పా. నాకూ దగ్గొస్చాంది," అంది చౌడమ్మ.

ఆదివారం తెల్లవారకముందే ఈరమ్మ చనిపోయింది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉంది. పిల్లకు పాలు కాచడానికి లేచిన అంజినమ్మ మొదట చూసింది.

వెంకోబారావు వచ్చి పంచాంగం తీశాడు. ధనిష్ఠ నక్షత్రం. ఆ నక్షత్రంలో పోయిన వాళ్ల శవం తలవాకిలి గుండా పోకూడదని, గోడ పగలగొట్టి తీసుకుపోవాలని, వెంటనే దాన్ని మూసేసి ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలని చెప్పాడు.

"యాడ పగలగొట్టల్ల సామీ?" అని అడిగింది చౌడమ్మ.

"మీ ఇష్టం. గడప దాటకుంటే చాలు."

వెంకటేశులు లక్ష్మప్పకు కబురు పెట్టాడు. లక్ష్మప్ప వచ్చాడు. ముందురోజు గీసిన గీత వెంబడి గడ్డపార వేశాడు. మనిషి పట్టేంత ఉంటే చాలని ఒకరు అన్నారు. లక్ష్మప్ప పై గీత దాకా తీశాడు. దొడ్లో మూడు రాళ్ల మీద నీళ్లు కాగాయి. పాడె మోసిన నలుగురూ తల వంచకుండా బయటికి పోయారు.

వంటింటి కోసం దింపిన రాళ్లతోనే లక్ష్మప్ప ఆ సందు మూశాడు. సాయంత్రానికి వెంకటేశులు ఇంటికి తాళం వేశాడు. మగ్గం లోపలే ఉండిపోయింది. అతను, తల్లి, కొడుకు, కోడలు, పిల్ల పక్క వీధిలో ఒక గదిలోకి మారారు. ఆ ఆరు నెలలూ తండ్రీకొడుకులు ఇతరుల మగ్గాల మీద కూలికి నేశారు.

జూలై ఆఖరులో శాంతి చేయించి తాళం తీశారు. లక్ష్మప్ప వచ్చాడు.

"రాళ్లు తీసి వాకిలి పెడదామా అవ్వా?"

"ఏడాది తిరగనీప్పా," అంది చౌడమ్మ.

ఆ పూట అంజినమ్మ పాత పొయ్యిని అలికి ముట్టించింది. గవాక్షి మీద బండ అట్లాగే ఉంది.