ముగ్గురెక్కితేనే పడవ

శనివారం ఒంటిపూట బడి వదిలాక హన్నా టీచరు ఇంటికి వెళ్లకుండా పోస్టాఫీసు వీధిలో పేతురు ఇంటికి వెళ్లింది. చేతిలో గొడుగు, సంచిలో ఒక అట్టముక్క. వారం రోజులుగా తాను తయారు చేసుకున్న మనిషి ఆ అట్టముక్క మీద ఉంది. పేతురు అరుగు మీద కూర్చునే ముగ్గురూ ఆ మనిషిని ఒప్పుకుంటే ఆమెకు ఆటలో చోటు. లేకపోతే ఆ చోటు వాళ్లలో ఒకడైన వీర్రాజు బావమరిదిది.

ఆట రాజోలుకి మస్కట్ నుంచి వచ్చింది. పేతురు తమ్ముడు అక్కడ ఒక బంగళాలో వంట చేసేవాడు. ఎనభై ఆరు వేసవిలో సెలవు మీద వస్తూ, దొరగారి పిల్లలు వదిలేసిపోయిన పెట్టె తెచ్చాడు. అందులో ఒక ఇంగ్లీషు పుస్తకం, ఇరవై ముఖాల పాచిక ఉన్నాయి. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే సూరిబాబు మాస్టారు పుస్తకం చదివి మిగతావాళ్లకు ఆట నేర్పారు. ఇందులో గళ్లు లేవు, పందెం లేదు. మాస్టారు కథ చెబుతారు. మీరు అడవిలో ఉన్నారు, ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తారు అని అడుగుతారు. ఎవరి మనిషి ఏం చేస్తాడో వాళ్లు చెప్పాలి. అది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది.

హన్నా వారమంతా రెండో తరగతి పిల్లలను ఒకే జవాబు ఉన్న ప్రశ్నలు అడుగుతుంది. మీరైతే ఏం చేస్తారని ఒక మనిషిని అడిగి, జవాబు కోసం ఆగడం ఆమె ఆ అరుగు మీదే చూసింది. వాళ్లతో ఆడే కనకరాజుకు కాకినాడ బదిలీ అయి చోటు ఖాళీ అయిందని తెలిసిన రోజే వెళ్లి అడిగేసింది.

పుస్తకంలో ఉన్న మనుషులు వీళ్లకు చాలలేదు. అందుకని మాస్టారు ఒక కట్టుబాటు పెట్టారు. ఎవరి మనిషిని వాళ్లు తయారు చేసుకోవచ్చు, ఏ శక్తి అయినా ఇచ్చుకోవచ్చు, కాని శక్తికి సరితూగే లోపం కూడా ఇవ్వాలి. అంబాజీపేటలో కొబ్బరి కొట్టు గుమాస్తా అయిన వీర్రాజు ఒక కత్తివీరుణ్ణి తయారు చేశాడు. వాడు ఎంత నున్నటి గోడనైనా కొబ్బరిచెట్టు ఎక్కినట్టు ఎక్కేస్తాడు. దిగాక కాసేపు చేతులు వణికి కత్తి పట్టలేడు. పేతురు మనిషి నిప్పు మంత్రగాడు. వాన పడితే వాడి అగ్గిపెట్టె మెత్తబడుతుంది. బయట శ్రావణమైతే మాస్టారి కథలోనూ శ్రావణమే. మంత్రగాడు నెల రోజులుగా ఖాళీగా ఉన్నాడు.

అరుగు మీద కనకరాజు పీట గోడవారన ఉంది. దాని మీద వీర్రాజు కాళ్లు చాపుకున్నాడు. హన్నా చూరు కింద, చినుకు పడే చోట కూర్చుంది.

"చదవండి టీచరుగారు," అన్నారు మాస్టారు.

"మనిషి పేరు దానమ్మండి. పడవ నడుపుతుంది. ఆవిడ పడవ ఎక్కినవాళ్లు ఎంతటివాళ్లయినా సరే, పడవ నీటి మీద ఉన్నంతసేపు తగువు పెట్టుకోలేరు. అదండి శక్తి."

వీర్రాజు నవ్వాడు. "కొట్టడం లేదు, కాల్చడం లేదు. అదేం శక్తండీ? మా బావమరిది గద్ద మీద ఎగిరే మనిషిని రాసుకొచ్చేడు."

పేతురు తల్లి మరియమ్మ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "నవ్వకు నాయనా. మా ఆయనకీ ఎర్రయ్యగారికీ పొలం గట్టు తగువు ఉండేది. అమలాపురం కోర్టుకి ఇద్దరూ ఒకే పడవలో, ఒకే బల్ల మీద వెళ్లేవారు. పొగాకు కూడా ఇచ్చి పుచ్చుకునేవారు. రేవు దిగేక నువ్వెవరంటే నువ్వెవరు."

"లోపం ఏంటండి?" అన్నారు మాస్టారు.

"ముగ్గురెక్కితేనే పడవ కదులుతుందండి. దానమ్మ కాకుండా."

"మేం ఇద్దరమే కదండీ," అన్నాడు పేతురు.

"అంటే పడవ కదలదు," అన్నాడు వీర్రాజు. "శక్తి ఎలా ఉన్నా లోపం మాత్రం గట్టిదండి."

మాస్టారు అట్టముక్క తీసుకుని మళ్లీ చదువుకున్నారు. "లోపమే బరువుగా ఉంది టీచరుగారు. ఇద్దరికి తగ్గిద్దామా?"

"మా నాన్నగారు ఇద్దరికి ఎప్పుడూ గెడ వెయ్యలేదండి," అంది హన్నా. ఆయన బోడసకుర్రు రేవులో గెడతో పడవ నడిపేవాడు.

"వాన్లో నిలబెట్టేసేవాడమ్మా మమ్మల్ని," అంది మరియమ్మ.

మాస్టారు తీర్పు చెప్పారు. ఇవాళ్టి ఆట ముగిసేలోగా ఆ పడవ ఒక్కసారి పనికొస్తే చోటు హన్నాది. లేదంటే వచ్చే శనివారం వీర్రాజు బావమరిది వస్తాడు.

వేసవి నుంచి వీళ్లు ఒక్క చోటే ఆగిపోయి ఉన్నారు. ఏటి ఒడ్డున గుహ, గుహలో మణి, గుమ్మంలో ఇనపకోరడు అనే రాకాసి. కత్తి వాడికి దిగదు, నిద్ర వాడికి రాదు. గుమ్మం వదిలి పోడు.

"ఏం చేస్తారు టీచరుగారు?"

హన్నా మాస్టారు గీసిన పటం మీదికి వంగింది. "అవతలొడ్డున ఇదేంటండి?"

"చేపల సంత. శనివారం సంత."

"ఇవాళ శనివారమే కదండి. దానమ్మ రేవులోంచి కేకేస్తుంది. ఇనపకోరడుగారూ, సంతకి పడవ వెళ్తోందండి. ఒక్క మనిషి తక్కువయ్యేరు, వస్తారాండి?"

పేతురుకు తాగుతున్న టీ పొలమారింది. వీర్రాజు పీట మీద నుంచి కాళ్లు తీశాడు.

మాస్టారు ఆలోచించారు. "చేపలంటే వాడికి ఆశే. పది దాటితే ఎక్కుతాడు. వెయ్యండి."

హన్నా పాచికను మొదటిసారి చేతిలోకి తీసుకుంది. వేసింది. అది దొర్లి చాప అంచున ఆగింది. పదకొండు.

"ఎక్కేడు," అన్నారు మాస్టారు. ఆయన సంతోషం దాచుకోలేదు. "ఒడ్డు చేరగానే ముందు మిమ్మల్ని తింటాడు, తరవాత చేపల్ని."

"నేను కత్తి తీసేనండి," అన్నాడు వీర్రాజు.

"పడవలో తగువు లేదండి," అంది హన్నా. "లోపల పెట్టండి."

వీర్రాజు లేని కత్తిని లేని ఒరలో పెట్టాడు. ఊరుకోలేక పేతురు రాకాసిని పలకరించాడు. "తమరిది ఏ ఊరండి?"

"అంతర్వేది పక్కనండి," అన్నారు మాస్టారు గొంతు లావు చేసి.

పడవ అవతలొడ్డు చేరింది.

"ఆఖరున ఎక్కేరు కాబట్టి తమరే ముందు దిగాలండి," అంది హన్నా.

"దిగేడు. కోరలు నూరుకుంటూ నిలబడ్డాడు. ఇప్పుడు మీరు దిగండి."

"మేం దిగమండి. పడవ ఇంకా నీటి మీదే ఉంది."

మాస్టారు అట్టముక్క వెతికి పట్టుకున్నారు. "అయితే మీరూ కదల్లేరు. ఎక్కినవాళ్లు ఇద్దరే. ముగ్గురు కావాలి."

"సంత నుంచి వెనక్కి వెళ్లేవాళ్లు ఒక్కరూ లేరాండి?"

మాస్టారు పటం వైపు చూశారు. ఆ సంతను ఆయనే గీశారు. ఒకసారి గీసింది చెరిపే అలవాటు ఆయనకు లేదు.

"ఉందండి," అన్నారు చివరికి. "దుర్గమ్మ. గంప ఖాళీ అయింది. ఇంటికి పోవాలి."

"రండి దుర్గమ్మగారు," అంది హన్నా. "ముగ్గురయ్యేరు. గెడ వేసేసేను."

పేతురు వీర్రాజు భుజం మీద చరిచాడు. ఇవతలొడ్డున గుహ గుమ్మంలో ఎవరూ లేరు. వీర్రాజు కత్తివీరుడు నడిచి లోపలికి వెళ్లాడు. వేసవి నుంచి అందని మణి తీసుకుని నడిచే బయటికి వచ్చాడు. గోడ ఎక్కే పని కూడా పడలేదు. దానికి వీర్రాజు కాస్త నొచ్చుకున్నట్టే కనిపించాడు.

"ఇంకా అవలేదు," అన్నారు మాస్టారు. "అవతలొడ్డు నుంచి ఇనపకోరడు అరుస్తున్నాడు. ఓ పడవా, నన్ను తీసుకెళ్లు అని."

"ఆయ్. వస్తామండి," అంది హన్నా. "ఇటు ముగ్గురవ్వగానే."

ముందు నవ్వింది మాస్టారే. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మరియమ్మకు రాకాసి మీద జాలి కలిగి, సాయంత్రం దాకా పాపం ఏం తింటాడని అడిగింది. సంత ఉంది కదండీ పిన్నిగారూ అంది హన్నా.

వీర్రాజు కనకరాజు పీటను చేత్తో ఇటు జరిపాడు. "తడుస్తున్నారు టీచరుగారు. లోపలికి కూర్చోండి."

"మరి మీ బావమరిదండి?"

"వాడికేం, గద్ద ఉంది," అన్నాడు వీర్రాజు. "మాస్టారు, గుహ వెనకాల దారి ఎటు వెళ్తుందండి?"

మాస్టారు పటం తిప్పి హన్నా ముందు పెట్టారు. "రెండు దార్లున్నాయి. ఏం చేస్తారు టీచరుగారు?"

ముగ్గురూ ఆమె జవాబు కోసం ఆగారు.