సామ్యూల్ వెనకాల వాన

పొద్దున్నే పాలు తెచ్చి, చాయ్ తాగి, కళ్లద్దాలు మెత్తటి గుడ్డతో రెండుసార్లు తుడుచుకుని, దేవరాజు కాగితాల కట్ట ముందేసుకుని కూర్చునేవాడు. కూతురు నవత తెచ్చిన హోం థియేటర్ రిసీవర్ పన్నెండు రోజులుగా హాల్లో ఓ మూల అట్టపెట్టెలోనే ఉంది. దాన్ని ఎట్లా బిగించాలో చెప్పే పుస్తకం మొత్తం చదివాకే పెట్టె విప్పుతానన్నాడు దేవరాజు. చేసేది లేక నవత ఆ పుస్తకాన్ని ప్రింటు తీసిచ్చింది. రోజుకు నాలుగు పేజీలు. అర్థంకాని చోట పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఆమె కాలేజీ నుంచి వచ్చాక అడిగేవాడు. నవత జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తుంది కాబట్టి ఓపిగ్గా జవాబిచ్చేది.

దేవరాజుకు ఈ పని కొత్తది కాదు. సిద్దిపేటలో ఇప్పుడు మూతబడ్డ ఒక టాకీసులో ముప్ఫై ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాడు. కానీ అక్కడ ఆయనది బొమ్మ వరకే. సౌండు సంగతంతా సామ్యూల్ చూసుకునేవాడు.

పదమూడో రోజు ఆదివారం. దేవరాజు ముందుగా గోడ దగ్గరి స్విచ్చి కట్టేశాడు, ప్లగ్గు కూడా పీకి పక్కన పెట్టాడు. షోకేసుకున్న అద్దం తలుపు ఊడదీశాడు. రిసీవర్‌ను మధ్య అరలో పెట్టి, దాని నెత్తి మీద జానెడు, పక్కలకు బెత్తెడు ఖాళీ ఉందో లేదో చేత్తోనే కొలిచాడు. స్పీకర్ తీగల పైపొర ఒలిచి, లోపలి రాగి పోగుల్లో ఒక్క వెంట్రుకంత పోగు కూడా బయటికి రాకుండా మెలిపెట్టాడు. పక్క తీగను ఆ ఒక్క పోగు ముట్టుకుంటే చాలు, మిషను కాలిపోతుందని నవతకు చెప్పాడు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలకు బాస్ డబ్బా. మూడు పిన్నుల ప్లగ్గును ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టాడు, జంక్షన్ బాక్సు జోలికి పోలేదు.

ఆయన భార్య కొండవ్వ చీరలకు ఫాల్స్ కుడుతుంది. దుమ్ము పడకుండా కుట్లు వేసిన గుడ్డ ఒకటి తెచ్చి రిసీవర్ మీద కప్పబోయింది. ఇంట్లో ఎన్నడూ గొంతు పెంచని మనిషి గట్టిగా వద్దన్నాడు.

"దానికి ఊపిరాడాలె. మీద ఏం కప్పొద్దు. రుమాలు సుత."

కొండవ్వ ఆ గుడ్డను ఫ్రిజ్ మీదికి మార్చుకుంది.

చివరికి మిగిలింది కొలత. రిసీవర్‌తో పాటు వచ్చిన చిన్న మైకును కుర్చీలో, మనిషి చెవి ఎత్తుకు నిలబెట్టారు. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేశారు. ముగ్గురూ వంటింట్లోకి పోయి నోరు మూసుకుని నిలబడ్డారు. ఒక్కో స్పీకర్ వంతులవారీగా కూత పెట్టింది. ఆ కూతలు విని, ఏ స్పీకర్ ఎంత దూరంలో ఉందో రిసీవర్ లెక్క కట్టి టీవీ మీద చూపించింది. ముందు ఎడమ, రెండున్నర మీటర్లు. ముందు కుడి, రెండున్నర. అట్లా ఆరూ వచ్చాక, కింద ఇంకో వరుస ఉంది. వెనక స్పీకర్, పద్నాలుగు వందల ఇరవై మీటర్లు.

కొండవ్వ చీర కుచ్చిళ్లకు చెయ్యి తుడుచుకుంటూ చదివింది. "సామ్యూలన్న ఇల్లు గంతే దూరం ఉంటది. నడిస్తే పావుగంట."

అవునన్నాడు దేవరాజు. టాకీసులో సామ్యూల్ ఎప్పుడూ చివరి వరుసలో, తలుపు పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. అక్కణ్నుంచి విని, సౌండు పెంచాలో తగ్గించాలో చేత్తో సైగ చేసేవాడు, ప్రొజెక్టర్ గదిలోంచి అది చూసి దేవరాజు తిప్పేవాడు. వెనక స్పీకర్ అంటే ఇంకెవరుంటారు.

రిసీవర్ల పద్ధతి ఒకటుంది. అన్ని స్పీకర్ల సౌండూ కూర్చున్న మనిషి చెవికి ఒకేసారి చేరాలి కాబట్టి, దగ్గరివాటిని ఆపి, దూరపుదాని కోసం ఎదురు చూస్తుంది. సౌండు సెకనుకు మూడు వందల నలభై మీటర్లు పోతుందని నవత లెక్క చెప్పింది. సామ్యూల్ ఇంటి నుంచి రావడానికి నాలుగు సెకన్లు. అందుకని ఆ ఇంట్లో టీవీ పెడితే ముందు పెదాలు కదిలేవి, నాలుగు సెకన్లకు మాట వచ్చేది. సీరియల్లో అత్త కోడలి చెంప మీద కొడితే, కోడలు ఏడ్చుకుంటూ మేడెక్కాక చెళ్లుమనేది. కొండవ్వకు రెండు రోజుల్లో అలవాటైపోయింది. పైగా ఆ నాలుగు సెకన్లలో సూదిలో దారం ఎక్కించుకోవచ్చని నవతతో అంది.

సామ్యూల్ కూరగాయలకు రైతు బజారుకు వస్తే సౌండు కాస్త తొందరగా వచ్చేది. ఆదివారం చర్చికి పోతే ఆరు సెకన్లు. ఒకరోజు దౌల్తాబాద్‌లో ఏదో పెళ్లికి పోయినట్టున్నాడు, నిమిషం పైనే ఆలస్యమైంది. ఆ రోజు వార్తలు చదివే అమ్మాయి నోటి నుంచి వాన కబురు వినపడే సరికి తెర మీద కబడ్డీ ఆడుతున్నారు.

అటు సామ్యూల్‌కు ఏమవుతున్నదో కూరగాయల దుకాణం రాములవ్వ ద్వారా కొండవ్వకు తెలిసింది. ఆయన ఎక్కడికి పోతే అక్కడ, వీపు వెనక మెల్లగా చప్పుళ్లు. సినిమాలో వెనక స్పీకర్లోంచి రావాల్సినవన్నీ ఆయన నుంచే వస్తున్నాయి. ఒకసారి వాన, ఒకసారి గుర్రాలు, ఒకసారి పెళ్లి జనం గోల. బజారులో అందరూ సర్దుకున్నారు. ఎండపూట వెనక వాన చప్పుడైతే సామ్యూల్ సారు వచ్చిండనుకుని, ఆయనకిష్టమైన లేత బెండకాయలు పక్కకు తీసి పెడుతున్నానని రాములవ్వ చెప్పింది.

ఇదంతా విని దేవరాజు కళ్లద్దాలు తీసి మళ్లీ తుడుచుకున్నాడు. ఆయన సామ్యూల్‌తో మాట్లాడి పదకొండేళ్లు.

ఎందుకు మానేశాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. పదకొండేళ్ల కింద ఒక వానాకాలం, మ్యాట్నీకి తడిసి ముద్దయి వచ్చిన దేవరాజు తన ఊలు స్వెట్టర్‌ను ఆరబెట్టుకోవడానికి చోటు వెతికాడు. టాకీసులో వెచ్చగా ఉండేది యాంప్లిఫయర్ ఒక్కటే. దాని పైన గాలి పోయే కంతల మీద స్వెట్టర్ పరిచి, రీలు ఎక్కించి, మరిచిపోయాడు. ఇంటర్వెల్‌కు ముందు పొగ వచ్చింది. యాంప్లిఫయర్ మాడిపోయింది. మంటలు లేవకముందే దేవరాజు స్వెట్టర్ లాగి కిటికీలోంచి వెనక సందులో పారేశాడు. ఓనరు వచ్చి సౌండు ఎవరిదని అడిగాడు. నాదేనన్నాడు సామ్యూల్. ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. రేపు చెబుదామనుకున్నాడు దేవరాజు. ఆ రేపు రాలేదు. ముఖం చూపించలేక ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. ఆయన అట్లా తిరగడం చూసి సామ్యూల్ కూడా పిలవడం మానేశాడు.

వారం తర్వాత కొండవ్వ ఒక సంగతి గమనించింది. రోజూ సాయంత్రం ఆరున్నరకు ఒక రెండు నిమిషాలు మాట, పెదవి కలుస్తున్నాయి. మళ్లీ విడిపోతున్నాయి.

మర్నాడు ఆరు గంటల నుంచే దేవరాజు రిసీవర్ ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. దాని నుదుటి మీద నీలి రంగు అంకెలు తగ్గడం మొదలైంది. పద్నాలుగు వందలు, తొమ్మిది వందలు, మూడు వందలు. నలభై దగ్గర ఆగింది. కాసేపు నలభై దగ్గరే ఉంది. తర్వాత మెల్లగా పెరుగుతూ పోయింది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు వాన తుంపరలోనూ అంతే.

నలభై మీటర్లంటే వాళ్ల సందు మలుపు. బుచ్చయ్య కిరాణం దుకాణం అరుగు.

నాలుగో రోజు దేవరాజు ఉతికిన చొక్కా వేసుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి ఆ అరుగు మీద కూర్చున్నాడు. ఇంట్లో టీవీ పెట్టే ఉంది. ఆరున్నరకు ముందు పిట్టల కూతలు వినిపించాయి, తర్వాత సామ్యూల్ కనిపించాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నడక మాత్రం అదే, ఒక చెవి ముందుకు పెట్టినట్టు.

దేవరాజు లేచి నిలబడ్డాడు. ఇంట్లో నేర్చుకుని వచ్చిన మాటలన్నీ పోయాయి.

"ఆనాడు యాంప్లిఫయర్ మీద స్వెట్టర్ ఆరేసింది నేనే, సామ్యూల్."

"తెల్సన్నా," అన్నాడు సామ్యూల్. "ఊలు కాలిన వాసన పట్టకపోతే నేనేం ఆపరేటర్‌ను?"

"మరి ఓనర్‌కు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన." సామ్యూల్ కాసేపు తన వెనక పిట్టల్ని విన్నాడు. "ఓనర్‌కు కాకపోయినా నాకన్న చెప్తవని."

దేవరాజుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ అరుగు మీదే ఇద్దరూ కూర్చున్నారు. ఈ చప్పుళ్లు దేవరాజువని ఎట్లా తెలిసిందని అడిగితే, సున్నా నుంచి మొదలుపెట్టి అంత మెల్లగా సౌండు ఎత్తే మనిషి సిద్దిపేటలో ఇంకెవరూ లేరని సామ్యూల్ చెప్పాడు. మలుపు దాకా వచ్చి ఎందుకు తిరిగిపోతున్నావని దేవరాజు అడగలేదు. ఆ నలభై మీటర్లు ఎంత దూరమో ఆయనకూ తెలుసు.

ఇంట్లోకి రాగానే సామ్యూల్ ఎవరూ చెప్పకముందే వెనక గోడకు ఆనుకుని ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. మాట, పెదవి కలిసిపోయాయి. కొండవ్వ సీరియల్ చూస్తూనే ఆయనకు చాయ్ ఇచ్చింది. రెండు గుక్కలు తాగి సామ్యూల్ తల అడ్డంగా ఊపాడు. కుడి పక్క వెనక స్పీకర్ సౌండును ముందుకు నెట్టకుండా లోపలికి గుంజుతోందన్నాడు. తీగలు తారుమారైనయన్నాడు. దేవరాజు నాలిక కరుచుకుని, సంబరం కొద్దీ కరెంటు మీదనే తీగ పట్టబోయాడు. సామ్యూల్ ఆయన చేతి మీద చిన్న దెబ్బ వేసి, ముందు స్విచ్చి కట్టేయించాడు. తర్వాత చూస్తే నిజంగానే ఆ ఒక్కదానికి ఎర్ర చోట నల్లది ఉంది.

పోయేటప్పుడు గడప దగ్గర చెప్పాడు, శుక్రవారం మెదక్ పోతున్నానని. అక్కడ చెల్లె ఉంది. ఒక్కడివీ ఎందుకు, వచ్చి మా దగ్గరే ఉండమని ఏడాదిగా పిలుస్తోంది. గది ఖాళీ చేస్తానని ఇంటివాళ్లకు చెప్పేశాడు, సామాను కూడా పంపించాడు. ఉండిపొమ్మనే మాట దేవరాజు నోటి దాకా వచ్చింది. పదకొండేళ్లు ముఖం తప్పించిన మనిషి ఆ మాట ఏ హక్కుతో అంటాడు? "మంచిది తమ్మీ," అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటి బస్సు. దేవరాజు బస్టాండుకు పోయి ఎక్కించి వచ్చి, ఏదో ఒక సినిమా పెట్టుకుని రిసీవర్ ముందు పీట మీద కూర్చున్నాడు. నాలుగు కిలోమీటర్లు. తొమ్మిది. పదహారు. తెర మీద హీరో నోరు తెరిచి మూసి, ఊరు దాటి, రైలెక్కాక అతని పాట వినిపించింది. కొండవ్వ కుట్టు పని ఆపి భర్త వైపు చూసింది. నవత కాలేజీ నుంచి వచ్చి తండ్రి పక్కనే కింద కూర్చుంది.

"సామ్యూల్ కాకకు ఫోన్ చెయ్యరాదు, బాపు," అంది.

"ఏమని చెయ్యాలె?"

ముప్ఫై రెండు కిలోమీటర్ల దగ్గర ఉండగా ఆకాశం నల్లబడింది. ఒక్కసారిగా మెరిసింది, వెంటనే ఇల్లు అదిరేట్టు ఉరిమింది. దేవరాజు లేచాడు. ఉరుములప్పుడు స్విచ్చి ఆపితే సరిపోదు, పిడుగు తీగ వెంట లోపలికి వస్తుంది కాబట్టి ప్లగ్గే పీకాలి. స్విచ్చి మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆ అంకెల వైపు చూశాడు. తర్వాత స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకేశాడు. నీలి అంకెలు ఆరిపోయాయి.

కరెంటు కూడా పోయింది. కొండవ్వ కిటికీలు మూసింది. వాన బయట మాత్రమే కురిసింది.

అక్కడ రామాయంపేట దగ్గర బస్సులో ఏం జరిగిందో తర్వాత సామ్యూలే చెప్పాడు. ఆయన వెనక సినిమా చప్పుళ్లు వస్తుంటే పక్క సీటు ముసలాయన ఇష్టంగా వింటూ వచ్చాడట. సగం పాటలో చప్పుడు తెగిపోయింది. బస్సులో ఎవరికీ అదో పెద్ద విషయం కాదు. సామ్యూల్‌కు మాత్రం కాళ్లు నిలవలేదు. ఆట మధ్యలో సౌండు పోతే లేచి పోయి చూడడం ఆయన ఒంట్లో ఇంకిపోయిన పని. రామాయంపేటలో బస్సు ఆగగానే సంచి తీసుకుని దిగి, అవతలి పక్కకు పోయి, సిద్దిపేట బస్సెక్కాడు.

దీపాలు పెట్టే వేళకు తలుపు చప్పుడైంది. నిలువునా తడిసి, సంచి నెత్తి మీద పెట్టుకుని గడపలో నిలబడ్డాడు.

"ఏమైందన్నా సౌండు?"

"ఏం కాలే. ఉరుములని ప్లగ్గు పీకిన."

"గంతేనా? నేను కాలిపోయిందనుకున్న." సామ్యూల్ గుండె నిండా ఊపిరి తీసుకుని వదిలాడు. "మళ్లెప్పుడు పెడ్తవు?"

"ఉరుములు పోయినంక."

కొండవ్వ తువ్వాల తెచ్చి ఇచ్చింది. సామ్యూల్ తల తుడుచుకుని, వెనక గోడ దగ్గరి కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకున్నాడు.

"అయితే అప్పటిదాంక ఉంట," అన్నాడు.

ఉరుములు పావుగంటలో పోయాయి. ఆ తర్వాత కరెంటూ వచ్చింది. నలుగురికీ ఆ సంగతి తెలుసు. దేవరాజు ప్లగ్గు దిక్కు చూడలేదు. నవత పోయి ఇంకో గ్లాసు బియ్యం కడిగి పెట్టింది.