తుడవకుండ మార్చొచ్చు

"నీకెందుకే అదంత? పోయి చాయ్ పెట్టు" అన్నాడు భూపాల్, తల కూడా తిప్పకుండా.

జమున అడిగింది ఒక్క మాటే. "డిస్కు తుడవకుండ మార్చొచ్చంట గద సార్?" అని. అడిగింది కంప్యూటర్ షాపు చక్రపాణిని. ఆయన జవాబు చెప్పింది మాత్రం ఆమె మొగుడికి.

"అవన్నీ యూట్యూబ్ కబుర్లండీ. మీ డిస్కు పాత పద్ధతిలో, ఎంబీఆర్‌లో ఉంది. కొత్త విండోస్ ఎక్కాలంటే జీపీటీ అనే కొత్త పద్ధతిలోకి మారాలి. మొత్తం తుడిచేసి మొదట్నుంచి వేసుకోవడమే. రేపు నాలుగింటికి వస్తాను."

"తుడిచెయ్యిరి సార్. ఏమున్నయి అందుల, పాత కాయితాలే గద" అన్నాడు భూపాల్.

పొయ్యి ముందు నిలబడ్డ జమునకు ఒళ్లు మండిపోయింది. పాత కాయితాలు! బొగ్గుబాయి కార్మికులుండే ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో అందరూ అతన్ని కంప్యూటర్ భూపాల్ అంటారు. బాయి పనికి అన్‌ఫిట్ అయినవాడి కొడుక్కి ఉద్యోగం కోసం అర్జీ పెట్టాలన్నా, పింఛను కాయితం నింపాలన్నా భూపాలన్న దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్లతో అతను కుర్చీలో కూర్చుని మాట్లాడతాడు. వాళ్లు గేటు దాటగానే కాయితాల కట్ట ఆమె ముందు పడేసి "సోమారం కల్ల అయిపోవాలె" అంటాడు. టైపు ఆమెది, స్కానింగ్ ఆమెది, ఆఫీసువాళ్లు తిప్పి పంపితే తప్పు వెతికేది ఆమె. దండాలు అతనికి. తొమ్మిదేళ్లుగా ఇంతే. ఒకసారి ఎవరో "వదినె గూడ చేస్తదా అన్నా?" అంటే, "నేను చెప్తుంటె కొడ్తది, గంతే" అని నవ్వాడు. పెళ్లికి ముందు ఆమె కంప్యూటర్ సైన్సులో డిగ్రీ చేసిందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. పింఛను కోసం తిరుగుతున్న కాలనీ ముసలామె లింగవ్వ మొగుడి పేరు సర్వీసు బుక్కులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. ఆ రెండు పేర్లూ ఒక్కడివేనని చూపడానికి ఏడాదిన్నరగా పోగేసిన నలభై కాయితాలు ఆ డిస్కులోనే ఉన్నాయి. అసలు కాయితాలు మొన్నటి వానలకు లింగవ్వ ఇల్లు కురిసి ముద్దయిపోయాయి. ఇప్పుడు డిస్కులో ఉన్నవాటినీ తుడిచెయ్యమంటున్నాడు.

మర్నాడు భూపాల్ ఫస్ట్ షిఫ్టుకి పోగానే జమున కంప్యూటర్ ముందు కూర్చుంది. లింగవ్వ కాయితాలు మొదట ఫోన్లోకి ఎక్కించుకుంది. మిగతావన్నీ పట్టే చోటు ఫోన్లో లేదు. డిస్కు మారడానికి పనికొస్తుందో లేదో ముందుగా చూసే కమాండ్ ఒకటుంది. అది కొట్టింది. కుదరదని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.

"ఏమే జమునా, ఇంక పొయ్యి ముట్టియ్యలే? వాడు డ్యూటీ దిగి వచ్చే యాల్లకు అన్నం లేకపోతె నన్నంటడు" అంది అత్త సమ్మవ్వ.

"ఇయ్యాల నువ్వు పెట్టు అత్తమ్మా."

పదకొండేళ్ల కాపురంలో జమున ఆ మాట అనడం అదే మొదలు. సమ్మవ్వ ఏదో అనబోయి, కోడలి మొహం చూసి, బియ్యం చాట తీసుకుని లోపలికి పోయింది.

కోపంలో, ఆ కమాండ్ వివరాల్లో తానొక వరుస చదవకుండా దాటేసిందని జమునకు అప్పుడు తెలిసింది. డిస్కులో భాగాలు మూడు దాటితే మార్పు జరగదు. తెరిచి చూస్తే నాలుగున్నాయి. నాలుగోది, కంప్యూటర్ తయారుచేసినవాళ్లు పెట్టిన చిన్న ముక్క. ఈ ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టింది లేదు. లోపల ఏముందో మూడుసార్లు చూసుకుంది. తప్పు భాగం తీసేస్తే ఇక చక్రపాణికి తుడిచే పనే మిగలదు. దాన్ని తీసేసింది. మళ్లీ కమాండ్ కొట్టింది. ఈసారి కుదురుతుందంది. మార్చమంది. రెండు నిమిషాల్లో మారిపోయింది.

కంప్యూటర్ ఆపి, తిరిగి వేసింది. నల్ల తెర. విండోస్ ఎక్కడా కనిపించడం లేదని తెల్లటి అక్షరాల్లో ఒక్క వరుస.

'నీకెందుకే' అన్న గొంతు చెవి పక్కనే వినబడింది. ఆ గొంతు మీద వచ్చిన మంటే ఆమెను లేవనివ్వలేదు. ఆలోచించింది. డిస్కయితే మారింది, దాన్ని లేపే సెట్టింగు ఇంకా పాతదే కదా! మళ్లీ ఆన్ చేసి, సెట్టింగుల్లోకి పోయి, పాత పద్ధతి లెగసీ తీసి కొత్తది యూఈఎఫ్‌ఐ పెట్టింది. విండోస్ లేచింది. లింగవ్వ ఫైలు తెరిచింది. నలభై కాయితాలూ ఉన్నాయి.

జమునకు ఏడుపొచ్చింది. సంతోషం కాదది. ఇంత చేతనైన మనిషి ఇన్నేళ్లు ఎవరి పేరు కిందనో ఎందుకు కూర్చుందన్న కోపం.

నాలుగింటికి చక్రపాణి వచ్చి, తెర చూసి నిలబడిపోయాడు. "అరె, జీపీటీ అయిపోయిందే! ఫైళ్లు కూడా ఉన్నాయి. ఎవరు చేశారండీ?"

భూపాల్ ఒక్క క్షణం జమున వైపు చూశాడు. "మేమే చేసుకున్నం సార్" అన్నాడు.

చక్రపాణి అటు పోగానే యూనియన్ ఆఫీసు నుంచి సదయ్య ఫోన్ చేశాడు. అక్కడి ఆరు కంప్యూటర్లదీ అదే తంటా. "గదెంత పని కాకా! ఆరే గద, రేపు నాకు రెస్టే. నేనొచ్చి చేసిపెడ్త" అన్నాడు భూపాల్. ఫోన్ పెట్టేసి పెళ్లాంతో అన్నాడు: "రేపు నువ్వు గూడ రా. నా ఎనుక కూసోని చెప్తుండు, నేను కొడ్త. అందరి ముందల నువ్వు కూసుంటె బాగుండది."

జమున అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది. అదే నంబరు నొక్కింది.

"కాకా, నేను జమునను. మా ఇంట్ల డిస్కు మార్చింది నేను. రేపు పదింటికి నేనొస్త, మీ ఆరూ చేస్త."

"మంచిగయితది బిడ్డా. మరి భూపాల్ గూడ వస్తడు గద?"

జమున మొగుడి కళ్లలోకి సూటిగా చూసింది.

"రాడు కాకా. ఆయనకు రాదు."