శనివారం అయిదింటి డెలివరీ

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషి ఆ ఇంటి లెక్కలో ఖాళీగా ఉన్నట్టే. ఒళ్ళో గిన్నె నిండా బఠానీ కాయలున్నా, వేళ్ళు వాటిని చకచకా వలుస్తూనే ఉన్నా సరే. "ఖాళీగానే ఉన్నావుగా, ఆ కర్టెన్లు దించి నానబెట్టు" అనేవారు అత్తగారు. "ఖాళీగానే ఉన్నావుగా, నా నీలం చొక్కా ఎక్కడుందో చూడు" అనేవాడు భర్త. వినపడదేమోనని ఇద్దరూ కాస్త గొంతు పెంచి మరీ అనేవారు. ఆమె ఒక చెవి మీదది పక్కకు జరిపి, విని, లేచేది. తిరిగి వచ్చి కూర్చునేసరికి ఏం వింటోందో, ఎక్కడ ఆపిందో గుర్తుండేది కాదు. మళ్ళీ మొదటినుంచి వినడమే.

ఆమెకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. బజారు మూల మీదున్న ఆల్టరేషన్ షాపులో ఎనిమిదేళ్ళుగా పని. ప్యాంట్ల పొడవు తగ్గించడం, నడుము వదులు చేయడం, కోట్లకు లైనింగ్ మార్చడం అన్నీ వచ్చు. చెడిపోయిన జిప్పు మార్చడంలో మాత్రం ఆమెకు సాటి లేరు కాబట్టి అక్కడ అందరూ జిప్పులమ్మ అని పిలుస్తారు. ఏడాదిన్నర కిందట ఆడపడుచు కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, "పారేస్తావో వాడుకుంటావో నీ ఇష్టం వదినా" అంటూ పాతది ఇచ్చి వెళ్ళింది. అందులో సంగీతం చేసే సాఫ్ట్‌వేర్ ఏదో ఉంది. ఊరికే నొక్కి చూసింది. డప్పుమని డ్రమ్ మోగింది. ఇంకోచోట నొక్కితే ఇంకో చప్పుడు. రెండూ కలిపి నాలుగుసార్లు తిప్పి వినేసరికి పొయ్యి మీద పాలు పొంగి స్టవ్వంతా పారాయి. పెళ్ళయ్యాక ఆమె పాలు పొంగనివ్వడం అదే మొదటిసారి. స్టవ్వు తుడుస్తూ కూడా ఆ డప్పునే తలుచుకుంది.

వంటింటి పక్క సామాన్ల గదిలో ఇస్త్రీ బల్ల ఆమె స్టూడియో. ఎవరికైనా చొక్కా ఇస్త్రీ కావాలంటే స్టూడియో మూటా ముల్లె సర్దుకుని బియ్యం డ్రమ్ము మీదికి మారేది. షాపునుంచి వచ్చాక, రాత్రి వంట మొదలుపెట్టేలోపు దొరికే అరగంటలో కూర్చునేది. వీడియోలు చూసి డ్రమ్ములు నేర్చుకుంది, వాటి కింద మంద్రంగా నడిచే బేస్ వేయడం నేర్చుకుంది, అయిదారు స్వరాలు లాప్‌టాప్ మీటల మీద తన చేత్తో వాయించి రికార్డు చేయడం నేర్చుకుంది. ఏడాదిన్నరలో ముప్ఫై ఒక్క ఫైళ్ళయ్యాయి. ఒక్కటీ నలభై సెకన్లు దాటలేదు. కూర్చున్న ప్రతిసారీ మొదటినుంచి వినడం, మొదటి డ్రమ్ము నచ్చక దాన్ని మార్చడం, మార్చాక రెండోది తేలిపోయినట్టుందని దాన్నీ సవరించడం, ఇంతలో కుక్కర్ పెట్టే వేళ కావడం. ట్రాకుల మొదళ్ళు మాత్రం అరిగిపోయేంత నున్నగా తయారయ్యాయి.

"మా ఆవిడ మ్యూజిక్ డైరెక్టరండోయ్" అన్నాడు భర్త ఒకసారి, ఇంటికొచ్చిన తన ఆఫీసువాళ్ళతో. "ముప్ఫై పాటలు చేసింది. ఒక్కోటీ తుమ్మంత." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే సరదాకన్నాడులే అని మళ్ళీ ఆమెకే నచ్చజెబుతారు, ఆ బాధ ఎవరు పడతారు! లోపలికి వెళ్ళి కప్పులు కడుగుతున్నప్పుడు మాత్రం మొహం మండిపోయింది. అతనన్నది అబద్ధమైతే అంత మండేది కాదు.

ఊళ్ళో చిన్న రేడియో స్టేషన్ ఒకటుంది. ఆదివారం ఉదయం అరగంటసేపు, ఇంట్లో కూర్చుని సంగీతం చేసుకునే కొత్తవాళ్ళ ట్రాకులు వేస్తారు. నిబంధనలు రెండే. మూడు నిమిషాలుండాలి, పూర్తయి ఉండాలి. పంపడానికి గడువు శనివారం సాయంత్రం అయిదు. ఆ కార్యక్రమం వింటూ ఆమె ఏడాదిగా కూరలు తరుగుతోంది. కొన్ని ట్రాకులు ఘోరంగా ఉండేవి. వీళ్ళకంటే నేనే నయం కదా అనుకునేది. కాకపోతే వాళ్ళవి రేడియోలో ఉన్నాయి, ఆమెవి ఇస్త్రీ బల్ల మీద ఉన్నాయి.

సమయం లేదు, అంతే, సమయం ఒక్కటి దొరికితే చూపిస్తాను అని ఆమె గట్టిగా నమ్మింది. ఆ సమయం కూడా దొరికింది. పోయిన ఆదివారం దూరపు బంధువుల పెళ్ళికి అందరూ బయల్దేరారు. "షాపులో అర్జెంటు పనుంది, రాలేను" అంది. ఎవరూ మారుమాట అనలేదు. షాపు పనంటే ఆ ఇంట్లో గౌరవం. కస్టమర్‌కు మాటిచ్చాక తప్పకూడదని అత్తగారే కొడుక్కి సర్దిచెప్పారు. ఉదయం తొమ్మిదినుంచి సాయంత్రం నాలుగుదాకా ఇల్లంతా ఆమెదే. పిలిచేవాళ్ళు లేరు, బెల్లు కొట్టేవాళ్ళు లేరు. ఏడుగంటలూ కూర్చుని ఒక్క డ్రమ్ము శబ్దాన్ని నలభైసార్లు మార్చింది. మార్చి మార్చి, చివరికి మొదట పెట్టిన శబ్దమే బాగుందని తేల్చుకుని, విసుగొచ్చి ముప్ఫై రెండో ఫైలు మొదలుపెట్టింది. అదీ నలభై సెకన్ల దగ్గర ఆగింది. పెళ్ళినుంచి వచ్చాక అత్తగారు చెప్పులు విప్పుతూ "పని పూర్తయిందా అమ్మాయ్?" అని అడిగారు. "అయింది అత్తయ్యా" అంది. పొద్దుటి అబద్ధం కంటే ఈ అబద్ధం ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మర్నాడంతా షాపులో మిషన్ తొక్కుతూ దాని గురించే ఆలోచించింది. ఇంటి చాకిరీ తనను పూర్తి చేయనివ్వలేదన్నది నిజం. అందులో నలుసంత అబద్ధం లేదు. కానీ ఆ చాకిరీ చాటున తను హాయిగా దాక్కున్నదన్నది కూడా నిజమే. పూర్తి కానిదాన్ని ఎవరూ బాగాలేదని అనలేరు. ఇంకా అవలేదుగా అని నోరు మూయించవచ్చు. పూర్తయిందంటే మాత్రం అది అంతే, దాని విలువ అంతే, తన చేతనైనది అంతే. పెళ్ళయిన దగ్గరనుంచి కూరలో ఉప్పు తగ్గిందనీ, చొక్కా మీద మడత పోలేదనీ, ప్రతి పూటా ఎవరో ఒకరు తన పనికి వంక పెడుతూనే ఉన్నారు. వంక పెట్టడానికి వీల్లేనిది ఒక్కటైనా ఉండాలని, దాన్ని ఎప్పటికీ వడ్డించకుండా దాచుకుంది. ఇది తెలిసేసరికి ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది, జాలి కూడా వేసింది.

షాపులో కాజాల పిన్ని ఉంది. అరవై దాటిన మనిషి. గుండీలకు కాజాలు కుట్టడం ఒక్కటే ఆవిడ పని. ముందు రెండు వైపులా దగ్గరదగ్గరగా కుట్టి, ఆఖరున చిన్న బ్లేడుతో మధ్యలో కోయాలి. నూలుపోగంత పక్కకు పోయిందా, కోటు పాడు. మంగళవారం మధ్యాహ్నం పిన్ని కొత్త కోటొకటి ముందేసుకుని బ్లేడు తీస్తుంటే ఈమె చూస్తూ నిలబడింది.

"పిన్నీ, చెయ్యి వణకదా నీకు?"

"వణక్కేం? ముప్ఫయ్యేళ్ళుగా వణుకుతూనే ఉంది."

"మరెలా కోస్తావు?"

"వణుకు ఆగేదాకా కూర్చుంటే కోటు ఇచ్చేదెప్పుడు? కొయ్యకపోతే అది కాజా కాదమ్మాయ్, ఉత్త కుట్టు. గుండీ ఎక్కడ పెట్టుకుంటాడాయన, నా నెత్తి మీదా?" అని పిన్ని సర్రున కోసేసి, కోటు పక్కకు తోసి, రెండోదాని కోసం చెయ్యి చాపింది. కోసినదానికేసి తిరిగి చూడనైనా లేదు.

షాపుకొచ్చే ప్రతి బట్టకూ ఒక చీటీ రాస్తారు. ఎవరిది, ఏం చేయాలి, ఎప్పటికి ఇవ్వాలి. ఎనిమిదేళ్ళలో ఆమె చేతి చీటీ ఒక్కటీ తేదీ తప్పలేదు. అలాగని కుట్టినవన్నీ వంక లేనివనీ కాదు. ఇంకో రోజుంటే ఇంకా బాగా వచ్చుండేది అనుకుంటూనే మడతపెట్టి ఇచ్చేసిన ప్యాంట్లు బోలెడు. వాళ్ళు వాటిని వేసుకుని సుబ్బరంగా తిరుగుతున్నారు. ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు ఆమె చీటీల పుస్తకంలోంచి ఒక కాగితం చింపుకుంది. ఎవరిది అన్నచోట కలం ఆగిపోయింది. సిగ్గేసి ఖాళీగా వదిలేసింది. పని దగ్గర పొడవు, మూడు నిమిషాలు అని రాసింది. డెలివరీ దగ్గర శనివారం సాయంత్రం 5 అని రాసి, ఇంటికి రాగానే ఇస్త్రీ బల్ల గుడ్డకు గుండుసూదితో గుచ్చింది.

ప్యాంటు పొడవు సరిచేసేటప్పుడు మొదట చేసేది కుట్టడం కాదు, అంచు ఎక్కడికి రావాలో సుద్దతో గీత పెట్టడం. ఏడాదిన్నరగా ఈ సంగతి ఇక్కడ ఎందుకు తట్టలేదో! పదిహేడో ఫైలు తెరిచి, మూడు నిమిషాల దగ్గర గీత పెట్టింది. ఉన్న నలభై సెకన్లనే వరసగా కాపీ చేసి అక్కడిదాకా నింపేసింది. ఇక కొత్తగా చేర్చేది ఏమీ లేదు, అక్కర్లేనిది తీసేయడమే. ఇక్కడ డ్రమ్ము ఆపి బేస్ ఒక్కదాన్నే నడవనిచ్చింది. అక్కడ తన అయిదు స్వరాలనూ ఒంటరిగా వదిలింది. మొదటినుంచి వినడం మానేసింది. ఎవరైనా పిలిస్తే చీటీ వెనక ఎక్కడ ఆగిందో గీకి లేచేది, వచ్చి అక్కడినుంచే అందుకునేది. గురువారంనాడు విన్నదంతా చప్పగా, చెత్తగా అనిపించి, అవతల పారేసి కొత్తది మొదలుపెడదామని మనసు లాగింది. ఏడుపు కూడా వచ్చింది. ఏడుస్తూనే రెండో నిమిషం పూర్తి చేసింది.

శనివారం షాపుకు సగం రోజు సెలవు పెట్టి మధ్యాహ్నమే కూర్చుంది. ఆడపడుచువాళ్ళు సాయంత్రం అయిదింటికి వస్తున్నారని అప్పుడే తెలిసింది. తలుపు వేసుకుంది. నాలుగుంపావుకు ట్రాక్ చివరికొచ్చింది. రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర, ముక్క తీసేసి కలిపినచోట, ఒక్క స్వరం ఆలస్యంగా పడుతోంది. మెట్టు తప్పినట్టు తడబడుతోంది. సరిచేసి, విని చూసుకోవాలంటే పది నిమిషాలు. ఆ ముసలి లాప్‌టాప్ ఫైలు తయారుచేసి పంపడానికి ఇరవై అయిదు నిమిషాలు. కచ్చితంగా సరిపోతుంది.

అప్పుడు తలుపవతల గొంతులు వినిపించాయి.

"హాలంతా చిందరవందరగా ఉంది, ఈ మనిషి గదిలో ఏం చేస్తోంది?" అంటున్నాడు భర్త.

"మెల్లిగా మాట్లాడరా" అన్నారు అత్తగారు. "పొద్దున ఇస్త్రీకని వెళ్తే బల్లకి చీటీ గుచ్చుంది. షాపుదే, అయిదింటికి ఇవ్వాలట. ఎవరో కస్టమర్‌ది. కదిలించకు, పాపం."

"అలాగా! ముందే చెప్పొచ్చుగా" అని అతను వెంటనే గొంతు తగ్గించాడు. అడుగులు కూడా మెత్తగా పడ్డాయి.

ఊరుకుంటే చాలు. ఇప్పుడు అబద్ధం ఆడక్కర్లేదు, అదే నడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర కాపలా కూర్చుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ప్యాంటు కోసమైతే ఈ ఇల్లు ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. ఆమె గడియారం చూసింది. నాలుగూ ఇరవై. వద్దు, కూర్చో, స్వరం సరిచేసుకో అని తనకు తానే చెప్పుకుంది. చెప్పుకుంటూనే లేచి తలుపు తీసింది.

"షాపుది కాదండీ" అంది. "నాది."

"నీదేంటి?"

"ట్రాక్. రేడియోకు పంపాలి. అయిదు లోపల."

అతను ఆమెను, వెనకాల ఇస్త్రీ బల్లను, మళ్ళీ ఆమెను చూశాడు. "దీనికా తలుపేసుకున్నావు? వాళ్ళొచ్చే టైమైంది, హాలు సర్దలేదు, టీకి ఏమీ లేదు..."

"మీరు సర్దండి."

"రేపు చేసుకోకూడదా నీ పాట?"

"కస్టమర్‌దైతే రేపు చేసుకోమనేవారా?"

అతను చెల్లెలు ఏమనుకుంటుందన్నాడు, తనేమైనా కాదన్నాడా అన్నాడు, చెప్పే పద్ధతి ఒకటుంటుందన్నాడు. ఆమె అన్నీ విని, "అయిదయ్యాక వస్తాను" అని తలుపు వేసింది. బల్ల దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. స్వరం సరిచేసే పది నిమిషాలూ గుమ్మం దగ్గర ఖర్చైపోయాయి. సరిచేయనా, పంపనా? తడబడుతున్నది తడబడుతున్నట్టే ఉంచి, ఫైలు తయారుచేయమని నొక్కింది. నాలుగూ యాభై ఎనిమిదికి అది వెళ్ళిపోయింది.

బయటికి వచ్చేసరికి ఆడపడుచు హాల్లో కూర్చుని ఉంది. సంగతి అప్పటికే తెలిసిపోయింది. "పారేస్తావనుకున్నాను వదినా, ఆ లాప్‌టాప్‌ని! ఏదీ, వినిపించు" అని పట్టుబట్టింది. స్పీకరుకు తగిలించారు. ఆ మూడు నిమిషాలూ ఆమె గోడకు ఆనుకుని నిలబడింది, ఎవరి మొహమూ చూడలేదు. ఆఖరి డ్రమ్ము ఆగాక అత్తగారు "ఇదంతా నువ్వే చేశావా?" అన్నారు. ఆడపడుచు మళ్ళీ పెట్టమంది. భర్త గొంతు సవరించుకున్నాడు.

"బాగానే ఉంది. మధ్యలో ఒకచోట తడబడినట్టుంది. అది సరిచేసుకుని పంపాల్సింది."

సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. నెల కిందటైతే ఈ ఒక్క మాటకు లోపలికి పరిగెత్తి, మొదటినుంచి ఊడదీసి, మూణ్ణెల్లు దాని చుట్టూ తిరిగేది. గుమ్మం దగ్గర పోయిన ఆ పది నిమిషాల వల్లే అది అలా మిగిలిందన్న మాటను పక్కన పెట్టింది.

"అవునండీ, తడబడింది" అంది. "రేపు పొద్దున రెండోది మొదలుపెడుతున్నాను. టిఫిన్ సంగతి మీరు చూసుకోండి."