బీటాకు తెరిచిన తలుపు

ఆదివారం చర్చికని సొంతూరు రాచర్ల వెళ్ళిన ఫెబీ, సోమవారం పొద్దున మార్కాపురంలో బస్సు దిగి పలకల షెడ్డుకు వచ్చేసరికి ఆమె కంప్యూటర్ ఆమెది కాకుండా పోయి ఉంది.

తెర మీద కొత్త రంగులు. కుడివైపు కింది మూలన సన్నటి అక్షరాల్లో ఒక హెచ్చరిక: ఇది పరీక్ష కోసం ఇచ్చిన వెర్షన్. లేజర్ మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మీద నొక్కింది. తెరుచుకుంది. మరుక్షణం మూసుకుపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

గుమ్మంలో కృష్ణమూర్తి శెట్టి నవ్వుతూ నిలబడ్డాడు. ఈ షెడ్డు, వెనక రాయి కోసే మిషన్లు, ముందు లారీలు ఆగే యార్డు అన్నీ ఆయనవే.

"నేనే అమ్మీ. నిన్న నువ్వు లేవు కదా, నీ పని నేనే చేసి పెట్టినా. మూడు లైన్లు ఉండాయన్నావే, అందులో అందరికంటే ముందొచ్చేది పట్టినా."

"డెవ్ పెట్టినారా?"

"అదే! ఎట్లుంది?"

ఫెబీ కుర్చీలో కూలబడింది.

గొడవ పోయిన వారం మొదలైంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు మామూలుగా వచ్చే అప్‌డేట్ ఒకటి ఎక్కిన దగ్గర్నుంచి, కంప్యూటర్‌కూ లేజర్ మిషన్‌కూ మధ్య లింకు పని సగంలో తెగిపోతోంది. నల్లరాతి పలక మీద నంబరు సగం చెక్కి ఆగిపోతే ఆ పలక చెత్తకుప్పకే. రాతి మీద చెరిపి రాయడం కుదరదు. మిషన్ అమ్మిన కోయంబత్తూరు కంపెనీ ఇంజనీరు ఫోన్లో తేల్చి చెప్పాడు: దీనికి మరమ్మతు వచ్చే నెల అందరికీ వస్తుంది, అంతవరకు ఆగలేకపోతే ముందస్తు విడుదలల్లో చేరండి.

ఆ ముందస్తు విడుదలలకు మూడు ఛానళ్ళున్నాయి. డెవ్‌లో అన్నీ అందరికంటే ముందొస్తాయి. రిలీజ్ ప్రివ్యూలో అన్నీ పక్వానికి వచ్చాకే దిగుతాయి. బీటా ఆ రెండింటికీ మధ్య. లింకు మరమ్మతు డెవ్‌లో ఉంది, బీటాలోకీ వచ్చింది, రిలీజ్ ప్రివ్యూలోకి ఇంకా రాలేదు. శనివారం జనం రాసిన ఫిర్యాదులన్నీ చదివి ఫెబీ బీటా అని నిర్ణయించుకుంది. సోమవారం వచ్చి పెడతానని శెట్టికి చెప్పి బస్సెక్కింది.

శెట్టి ఆమెను ముంచాలని చేయలేదు. తన వ్యాపారం నేర్పిందే చేశాడు. క్వారీ నుంచి లారీ వచ్చిందంటే, వెనక తలుపు దించేలోపు వెళ్ళి చెయ్యి వేసినవాడిదే మంచి రాయి. ఆలస్యంగా వచ్చినవాడికి పెచ్చులు మిగులుతాయి. ఆ పరుగుతోనే ఆయన ఇంతవాడయ్యాడు. ఆయన లెక్కలో ముందొచ్చిందంటే మేలైందనే.

ఫెబీ పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళే బటన్ వెతికింది. దొరికింది. కానీ నొక్కుడు పడడం లేదు.

"శెట్టిగారూ, చోటు చాలదని ఏమన్నా అడిగిందా ఇది?"

"అడిగింది. పాత సరుకేందో ఉంది, తీసేయమంటావా అనింది. తీసేయమన్నా. కొత్త లారీ వస్తా ఉంటే యార్డు ఖాళీ చేయకుండా ఎట్ల?"

మూలన పలకల మధ్య వరిగడ్డి కూరుతూ పెట్టెలు సర్దుతున్న రోజీ పకపకా నవ్వింది. "కంప్యూటర్‌లో గూడా యార్డు ఊడ్చినారా శెట్టిగారూ!"

"నవ్వేదేముంది? శుభ్రంగా ఉండొద్దా?"

"ఆ పాత సరుకే మనం వెనక్కి పోయే దారి," అంది ఫెబీ. "ఇప్పుడు వెనక్కి పోవాలంటే మొత్తం తుడిచేసి మొదట్నించీ ఎక్కించాల. అట్ల తుడిస్తే లేజర్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పోతుంది. మళ్ళీ ఇచ్చేది కోయంబత్తూరోళ్ళే. ఈరోజు వాళ్ళకు సెలవు."

శెట్టి ముఖంలో నవ్వు ఆరిపోయింది. సాయంత్రం విశాఖ లారీ వస్తుంది. అక్కడి కొత్త హోటల్ గదులన్నిటికీ నంబరు పలకలు అందులో ఎక్కాలి. ఈ లారీకి సరుకు ఎక్కకపోతే లేజర్ మిషన్ అమ్మేసి, ఈ షెడ్డును టైల్స్ గోడౌన్ చేయాలని ఇంట్లో మాట అయిపోయింది. ఆ మిషన్ కొనమని శెట్టిని ఒప్పించింది ఫెబీ. రాతికి ఎంత వేడి పెట్టాలో పలకలు పగలగొట్టుకుంటూ తేల్చుకున్నదీ ఆమే. మిషన్ పోతే ఆమెకు మిగిలేది రాచర్ల బస్సు.

ఆ గోడౌన్ ఆలోచన శెట్టి అల్లుడు ఫణికృష్ణది. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో అప్పుడే లోపలికి వచ్చాడు. వెంట ఒంగోలు నుంచి వచ్చిన లావుపాటి మనిషి.

"ఏంది ఫెబీ, మిషన్ ఇంకా నిద్ర లేయలేదా?"

"లేపుతా ఉన్నా అన్నా."

"లేపు లేపు. ఈయన దాన్ని కొనేదానికి వచ్చినాడు. లేచి ఉంటే రేటు బాగా పలుకుతుంది."

రోజీ వరిగడ్డి కింద పడేసింది. "సాయంత్రం దాకా ఆగలేరా అల్లుడుగారూ? పెళ్ళిచూపులకు వచ్చినట్టు వచ్చినారే."

ఫెబీ మళ్ళీ తెర వైపు తిరిగింది. ఎక్కి ఉన్న వెర్షన్ ఏదో చెప్పే అంకె దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. బిల్డు నంబరు. ఫోన్ తీసి బీటా వాళ్ళకు ఈ వారం ఇచ్చిన బిల్డు నంబరు చూసింది. రెండూ ఒకటే.

ఫోన్‌ను తెర పక్కన పెట్టి మళ్ళీ చూసింది.

"శెట్టిగారూ, తలుపు తెరిచే ఉంది!"

"ఏ తలుపు?"

"డెవ్‌కూ బీటాకూ ఈ వారం ఒకే బిల్డు నడుస్తోంది. ఒకే రాయి అనుకోండి. డెవ్ వాళ్ళకు అందులో కొత్త హంగులన్నీ తెరిచిపెట్టినారు, బీటా వాళ్ళకు మూసిపెట్టినారు. మన సాఫ్ట్‌వేర్‌ను పడేస్తున్నది ఆ హంగుల్లోనే ఏదో ఒకటి. రెండూ ఇట్ల కలిసి ఉన్నప్పుడు, ఏమీ తుడవకుండా డెవ్‌లోంచి బీటాలోకి నడిచిపోవచ్చు. డెవ్‌కు తర్వాతి బిల్డు ఎక్కిందంటే తలుపు మూసుకుపోతుంది."

"మరి ఎప్పుడొస్తుంది ఆ తర్వాతిది?"

ఫెబీ అప్‌డేట్ల పేజీ తెరిచింది. తర్వాతి బిల్డు వచ్చేసింది. కంప్యూటర్‌లోకి దిగి కూర్చుంది. కంప్యూటర్ ఒక్కసారి ఆగి మొదలైతే చాలు, అదే ఎక్కేస్తుంది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. వెనక రంపాల హోరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో బల్ల కింద యూపీఎస్ కూత పెట్టింది. కీక్. కీక్. దాని బ్యాటరీ ముసలిదని షెడ్డులో అందరికీ తెలుసు. అది చచ్చిందంటే కంప్యూటర్ ఆగుతుంది. కరెంటు వచ్చి అది మళ్ళీ లేచిందంటే కొత్త బిల్డు ఎక్కుతుంది. తలుపు మూతపడుతుంది.

"జనరేటర్!" అరిచింది ఫెబీ.

శెట్టి అప్పటికే పంచె ఎగ్గట్టి పరిగెత్తుతున్నాడు. లారీ వెనక పరిగెత్తే పరుగే అది. "అల్లుడూ! ఆ వైరు చుట్ట తీసుకొని రా!"

"మామా, నా చొక్కా..."

"నీ చొక్కా నేనే ఉతికిస్తాలే, ముందు వైరు పట్టుకో!"

ఫణికృష్ణ పలకల పొడిలో పడున్న వైరు చుట్టను రెండు చేతులా ఎత్తుకుని వెనక్కి పోయాడు.

ఫెబీ ముందు అప్‌డేట్లు ఆపేసింది. ఫోన్లోని నెట్‌ను కంప్యూటర్‌కు కలిపింది. సిగ్నల్ ఒక్క గీత. ఛానళ్ళ పేజీ నొక్కింది. తెర మధ్య చక్రం తిరుగుతోంది. కీక్. కీక్. వెనక జనరేటర్ తాడు లాగిన చప్పుడు. దగ్గి ఆగింది. మళ్ళీ లాగారు. మళ్ళీ దగ్గింది.

పేజీ తెరుచుకుంది. డెవ్. బీటా. రిలీజ్ ప్రివ్యూ.

వైరు చివర పట్టుకుని వచ్చిన ఫణికృష్ణ ఆమె భుజం మీంచి తొంగి చూశాడు. చొక్కా బూడిదరంగుకు తిరిగింది. "చివర్ది నొక్కు. అది సేఫ్ అని అందరూ అంటారు."

"సేఫే. కానీ అందులో మన లింకు మరమ్మతు లేదు. పైగా దాంట్లోకి పోవాలంటే అంతా తుడవాలన్నా."

"ఒకవేళ నువ్వు తప్పయితే?"

"అయితే నీ గోడౌన్ నీకు వస్తుంది. పక్కకు జరుగు, వెలుతురు రానీ."

కీక్‌లు దగ్గరపడ్డాయి. ఫెబీ బీటా నొక్కింది. ఖాయమేనా అని తెర అడిగింది. ఖాయమే అని నొక్కింది. చక్రం మళ్ళీ తిరిగింది.

యూపీఎస్ ఇక ఆపకుండా ఒకే కూత అందుకుంది.

"ఏసయ్యా," అంది రోజీ.

వెనక జనరేటర్ గర్జించింది. ఫణికృష్ణ మోకాళ్ళ మీద పడి ప్లగ్గు గుచ్చాడు. కూత తెగిపోయింది. కంప్యూటర్ ఆరలేదు. తెర మీద చక్రం పోయి ఒక వాక్యం నిలిచింది: మీరు బీటా ఛానల్‌లో ఉన్నారు.

ఫెబీ అప్‌డేట్ల పేజీకి వెళ్ళింది. ఎక్కడానికి కాచుకున్న డెవ్ బిల్డు జాబితాలోంచి మాయమైంది. ఇక ధైర్యంగా తనే రీస్టార్ట్ నొక్కింది.

తెర నల్లబడింది. శెట్టి నూనె చేతులతో వచ్చి వెనక నిలబడ్డాడు. తెర వెలిగింది. లేజర్ సాఫ్ట్‌వేర్ మీద నొక్కింది. తెరుచుకుంది. నిలబడింది.

ఫెబీ పలక ఒకటి బల్ల మీద పెట్టింది. ఎర్రటి చుక్క రాతి మీద దిగి కదిలింది. ఒక అంకె. రెండో అంకె. ఇంతకుముందు లింకు తెగిపోయేది ఇక్కడే. చుక్క ఆగలేదు. మూడో అంకె పూర్తి చేసి, చుట్టూ గీత గీసి, తనంతట తాను ఆరిపోయింది.

రోజీ పలకను కొంగుతో తుడిచి ఎత్తి పట్టుకుంది. నల్లరాతి మీద తెల్లటి నంబరు మెరిసింది.

"అమ్మీ!" అన్నాడు శెట్టి.

ఒంగోలు మనిషి ముందుకొచ్చి పలకను వేలితో నిమిరాడు. "మంచి మిషనే. రేటు ఎంత చెప్తారు?"

"మిషన్ ఎవరికీ అమ్మేది లేదు," అన్నాడు శెట్టి. "టీ తాగి పోండి. అల్లుడూ, ఆయనకు టీ చెప్పు. ఆ చేత్తోనే నువ్వు ముఖం కడుక్కో."

ఆపైన షెడ్డులో అంతా పనే. ఫెబీ చెక్కుతుంటే రోజీ తుడిచింది, శెట్టి స్వయంగా గడ్డి పరిచాడు. ముఖం కడుక్కొచ్చిన ఫణికృష్ణ కాసేపు నిలబడి చూసి, ఎవరూ అడక్కుండానే పెట్టెలకు మేకులు కొట్టాడు. విశాఖ లారీ హారన్ కొట్టేటప్పటికి చివరి పెట్టె యార్డులో కాచుకుని ఉంది. లారీ కదిలి వెళ్తుంటే రోజీ ఈల వేసింది.

శెట్టి కండువాతో చెమట తుడుచుకుంటూ ఫెబీ పక్కన స్టూలు లాక్కున్నాడు.

"అమ్మీ, ఒక మాట. నా ఆఫీసు రూములో బిల్లులు కొట్టే కంప్యూటర్ ఉంది కదా. దాన్ని ఏ లైన్లో పెట్టమంటావు?"

"ఏ లైన్లోనూ వద్దు. ఊరందరికీ వచ్చినాకే దానికి రానీయండి."

"అంత చివర్నా?"

"అంత చివర్నే."

ఒప్పుకోవడం కష్టంగానే ఉంది శెట్టికి. చివరికి తలూపి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి అల్లుడికి వినపడేలా గట్టిగా అన్నాడు.

"ఈ షెడ్డు సంగతి ఇకమీదట ఫెబమ్మే చూసుకుంటుంది. గోడౌన్‌కు నువ్వు వేరే చోటు వెతుక్కో నాయనా."

ఫణికృష్ణ సుత్తి కింద పెట్టి బూడిద చొక్కా దులుపుకున్నాడు. "వెతుక్కుంటాలే మామా. ముందు ఒక పలక చెక్కమను నాకు, ఇంటి గేటుకు."

"వరసలో నిలబడన్నా," అంది ఫెబీ, కొత్త పలకను బల్ల మీద సరిచేస్తూ.