పాట పాడిన కొండ

పెళ్ళికొడుకువారి ఏడు పడవలూ వరసగా వచ్చి ఆగేసరికి కొండ పాట పాడుతోంది. రెండు ఆడగొంతులు, మధ్యమధ్యలో పకపకా నవ్వులు.

"మామయ్యా, కొండ పాడుతోందేంటి?" అన్నాడు పెళ్ళికొడుకు లుక్షా.

యెర్కో తన పడవలో భార్య పక్కన నిలబడి ఆకాశం వంక చూశాడు. "గాలి," అన్నాడు.

"గాలికి రెండో చరణం కూడా వచ్చా?"

అందరూ విరగబడి నవ్వారు. యెర్కో మాత్రం నవ్వలేదు. పాడుతున్నది అతని కూతురు, ఇవాళ్టి పెళ్ళికూతురు నేవెంకా, దాని స్నేహితురాలు దుంకా. పాడుతున్నది ఆ కొండ కడుపులోంచి. బయటికి తీసుకురావలసినవాడు తనే, ఎలా తేవాలో తెలిసినవాడూ తనే. చెప్పడానికి మాత్రం నోరు పెగలడం లేదు.

ఆ దీవిలో పెళ్ళంటే అంత తేలిగ్గా పిల్లనివ్వరు. మగపెళ్ళివారు వచ్చి అడగ్గానే ముందు ఒక దొంగ పెళ్ళికూతుర్ని చూపిస్తారు. ఈసారి ఆ వేషం యెర్కో తమ్ముడు పాష్కోది. బుర్రమీసాల మీదుగా తెల్లటి లేసు ముసుగు, నోట్లో సిగరెట్టు. లుక్షా ఆ మీసాన్ని ముద్దు పెట్టుకుని మరీ "ఈ పిల్ల వద్దండీ, పొగ వాసన" అన్నాడు. ఆ తర్వాత అసలు పిల్లని వెతుక్కోవాలి. ఎంత బాగా దాస్తే పుట్టింటివారికి అంత గొప్ప.

ఆ గొప్పే యెర్కో కొంప ముంచింది. ఇరవై రెండేళ్ళు అతను నౌకాదళంలో మెకానిక్కు. యుద్ధం వస్తే వేగంగా వెళ్ళి దాడి చేసే పడవలు దాక్కోవడానికి కొండని సముద్రమట్టంలో తొలిచి, లోపల కాంక్రీటు పోసి, ముందు రాతిరంగు పూసిన ఇనుప తలుపు పెట్టారు. పది గజాల దూరంలోంచి చూసినా అది తలుపని ఎవడికీ తెలియదు. లోపల ఇంజన్లు చూసుకునేవాడు యెర్కో. ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టాడంటే పెట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చాక భార్య వింకా "ఇవాళ ఏం చేశావు?" అంటే "పని" అనేవాడు. మొదటి ఏడాదంతా అడిగింది. తర్వాత మానేసింది. అడగడం మానేసినందుకు అతనికి లోలోపల చాలా బాధగా ఉండేది. అదీ చెప్పలేదు.

తొమ్మిది నెలల క్రితం, దేశం ముక్కలయ్యాక, నౌకాదళం మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ ఖాళీ గుహ అతని మనసులో తిష్ఠ వేసింది. జీవితంలో ఒక్కసారి దాన్ని వాడుకుంటే తప్పేంటి? పొద్దున్నే కూతురి కళ్ళకి గంతలు కట్టి, దుంకా కళ్ళకీ కట్టి, పడవలో లోపలికి తీసుకెళ్ళి కాంక్రీటు గట్టు మీద దింపాడు. ఒక లాంతరు, ఒక కూజా వైను, పళ్ళెం నిండా నూనెలో వేయించిన తీపి క్రోష్తులెలు ఇచ్చాడు. బయటికి వచ్చి రాతి అంచు మీదున్న మర తిప్పి తలుపు మూశాడు. మూసుకున్న మరుక్షణం తుప్పు పట్టిన గొలుసు ఫట్‌మని తెగి నీళ్ళలో పడింది.

తలుపు నీళ్ళ అడుగుదాకా ఉంది. పైన బెత్తెడు సందు. పాట ఆ సందులోంచే వస్తోంది.

"నేవెంకా!" లుక్షా గొంతు చించుకున్నాడు.

"లుక్షా! నన్ను కనిపెట్టేశావా? ఇక్కడ ఎంత బాగుందో తెలుసా! ఒకసారి పాడితే నాలుగుసార్లు వినిపిస్తోంది!"

"దొరికిందిగా, ఇక తలుపు తీయండి," అన్నాడు ఫాదర్ స్పీరో గడియారం చూస్తూ. ఆయనకి మూడు దీవులు, ఒక్క ప్రాణం. రెండు గంటల ఓడకి వెళ్ళిపోవాలి. బుధవారం నుంచి ఉపవాస దినాలు, ఈస్టర్ దాకా పెళ్ళిళ్ళు చేయడు. సోమవారం లుక్షా సరుకు ఓడలో పనికి ఎక్కితే మళ్ళీ తొమ్మిది నెలలకి గానీ రాడు. ఇప్పుడు ఒంటిగంట దాటింది.

"గొలుసు తెగింది," అన్నాడు యెర్కో, చెప్పులకి చెబుతున్నట్టు.

ఏడు పడవలూ ఒక్కసారిగా మాట్లాడాయి. ఒకడు గునపం అన్నాడు, ఒకడు డైనమైట్ అన్నాడు. పాష్కో ముసుగు వెనక్కి తోసుకుని, "పెళ్ళికూతురు కావాలంటే నేనున్నానుగా, కానివ్వండి," అన్నాడు.

"ఇంకో దారి లేదా మామయ్యా?"

"ఉంది. కానీ... చెప్పకూడదు."

"ఏం?"

"సంతకం పెట్టాను."

"ఎవరికి పెట్టావన్నయ్యా?" పాష్కో పడవ ఊగిపోయేలా లేచాడు. "ఆ దేశం ఏదీ? పటంలో వేలు పెట్టి చూపించు! నీ సంతకం తీసుకున్నవాడు ఇప్పుడు ఎక్కడో కోళ్ళు పెంచుకుంటుంటాడు!"

"మాట మాటే కదా," అన్నాడు యెర్కో. ఇరవై రెండేళ్ళు అతని దగ్గరున్నది ఆ ఒక్క మాటే. దానికోసం భార్యకి కూడా పరాయివాడయ్యాడు. ఇప్పుడు ఇంతమంది ముందు విప్పేస్తే అన్నాళ్ళ మౌనం దేనికి?

లోపల నవ్వు ఆగింది. "నాన్నా," అంది నేవెంకా చిన్నగా, "లాంతరు ఆరిపోయింది."

అంతే. యెర్కో రెండు చేతులూ నోటి దగ్గర దొన్నెలా పెట్టుకుని దీవి అదిరేలా అరిచాడు. "ఎడమ గోడ పట్టుకో తల్లీ! మూడో స్తంభం వెనక లావుపాటి గొట్టం. దాని పక్కన సందు. ఎనభై నాలుగు మెట్లు! పైన ఇనుప మూత!"

ఆకాశం విరిగి పడలేదు. సైనికులెవరూ రాలేదు. యెర్కోకి ఒళ్ళంతా దూదిలా తేలికైపోయి నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు.

"మూత పైనుంచి తీయాలి!" అన్నాడు నవ్వుతూనే. "వింకా, పద, చూపిస్తాను. అది ఎక్కడుందంటే..."

వెనక్కి తిరిగితే పడవలో వింకా లేదు. ఇందాకటి గోలలో ఎప్పుడు ఒడ్డుకి దూకిందో ఎవరూ చూడలేదు.

"అదిగో అత్తయ్య!" అన్నాడు లుక్షా.

కొండ మీద రోజ్‌మేరీ పొదల మధ్య, పెళ్ళికని వేసుకున్న కొత్త గౌను పైకి దోపుకుని, వింకా ఇనుప మూతని పక్కకి లాగేస్తోంది. చూస్తుండగానే పొదల్లోంచి జుట్టు నిండా సాలెగూళ్ళతో పెళ్ళికూతురూ, చేతిలో ఖాళీ కూజాతో దుంకా బయటపడ్డారు. పడవలన్నీ కేకలు వేశాయి. ఫాదర్ స్పీరో టోపీ గాల్లోకి ఎగరేశాడు, అది నీళ్ళలో పడింది.

యెర్కో రొప్పుతూ పైకెక్కాడు. "నీకెలా తెలుసే?"

"ఈ మూత సందుల్లోంచి ఏడాది పొడుగునా వెచ్చటి గాలి వచ్చేది కదయ్యా! ఊళ్ళో ఆడవాళ్ళందరం అంజూరాలు ఇక్కడే ఎండబెట్టుకున్నాం. కాపలా కుర్రాడికి గుప్పెడు పెట్టేవాళ్ళం."

"అందరికీ తెలుసా?"

"మేకలకి కూడా తెలుసు."

"మరి నాతో ఒక్కరోజూ అనలేదే!"

"నువ్వు అంత కష్టపడి దాస్తుంటే చెడగొట్టడం ఎందుకని." వింకా అతని కోటు మీది మట్టి దులిపింది. "అయినా నేను ఇక్కడికి వచ్చేది అంజూరాల కోసమొక్కటే కాదు. ఇంజన్లు ఆపాక నువ్వు కింద ఒక్కడివే పాడుకునేవాడివి. నా పేరు పెట్టి. శ్రుతి లేదు, తాళం లేదు. పైన కూర్చుని మొత్తం వినేదాన్ని. అది విన్నాక ఇంటికొచ్చి ఇవాళ ఏం చేశావని అడగడం దేనికి?"

యెర్కోకి చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళూ తడిశాయి. కింద చర్చి గంట మోగింది. కూతురు అతని చెయ్యి పట్టుకుని వాలులో పరుగు లంకించుకుంది.

ఒంటిగంటా యాభైకి పెళ్ళయింది. ఫాదర్ ఓడ తాడు విప్పుతుండగా ఎక్కాడు, తడి టోపీతో. రేవులో బల్లలు వేశారు. వైను పోశారు. పాష్కో ఇంకా గౌనులోనే ఉన్నాడు.

"ఏమయ్యా," అంది వింకా అందరికీ వినపడేలా, "ఇరవై రెండేళ్ళు గోడలకి వినిపించావు. ఇవాళ నా ముఖం చూసి పాడు."

యెర్కో లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. శ్రుతి లేకుండా, తాళం లేకుండా, వింకా పేరు పెట్టి పాడాడు. రెండో చరణం దగ్గర అతను తడబడితే, బల్లల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒక్క గొంతుతో అందుకున్నారు. వాళ్ళకి ఆ పాట మొత్తం నోటికి వచ్చు.