నా పళ్ళెంలో పసివాళ్ళు

నేను ఒక కాటాను. కాటా అనగానే మీకు ఉల్లిపాయల బండీ, చేపల బుట్టా గుర్తొస్తే అది నా తప్పు కాదు. నేను తూచింది పసిబిడ్డలను. నా నెత్తిన ఒక తెల్ల పళ్ళెం, అందులో మెత్తటి రెక్సిను పరుపు, పొట్ట మీద అంకెలున్న గుండ్రటి పలక, దాని నడుమ ఒక ఎర్ర ముల్లు. లోపల ఒక స్ప్రింగు. నా తెలివితేటలన్నీ ఆ స్ప్రింగులోనే ఉన్నాయి. నేను చూసిన కొందరు మనుషులతో పోలిస్తే అదేమీ తక్కువ కాదు.

విజయవాడ ఆటోనగరులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నాతోపాటు తయారైన అన్నదమ్ములు కొందరు రైతుబజారుకు వెళ్ళారు, కొందరు కోళ్ళ దుకాణాలకు వెళ్ళారు. నన్ను బిగించిన మేస్త్రి పళ్ళెంలో తూనికరాయి పెట్టి, ఒక కన్ను మూసి ముల్లు వంక చూసి, నీ అదృష్టం బాగుందిరా, నువ్వు పోయేది ఆసుపత్రికి, అక్కడ తూకం దగ్గర తగాదాలుండవు అన్నాడు. పాపం, ఆయన ఎప్పుడూ అత్తాకోడళ్ళను వెంటబెట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు లేడు.

నా మొదటి కొలువు ఒక పాత కాన్పుల ఆసుపత్రిలో. ఊరి పేరు చెప్పను, అక్కడి ఆయాలు ఇంకా బతికే ఉన్నారు. వారమంతా నా మీద బిడ్డలను తూచి, ఆదివారం పూట పరుపు తీసేసి వేటమాంసం వాటాలు వేసుకునేవారు. వాటాల దగ్గర వాళ్ళు చూపించిన శ్రద్ధ బిడ్డల దగ్గర కూడా చూపించి ఉంటే ఆ ఆసుపత్రి మూతపడేది కాదు. మూతపడ్డాక పాత మంచాలతో కలిపి నన్నూ అమ్మేశారు. చీరాలలో పిల్లల వైద్యశాల తెరుస్తున్న డాక్టరు ఇందుమతిగారు నన్ను కొన్నారు. నర్సు కరుణమ్మ వేణ్ణీళ్ళతో నన్ను కడిగి, కొత్త పరుపు వేసింది. నా పరువు నాకు తిరిగి వచ్చింది.

అక్కడ నేను మనుషులను బాగా చదివాను. నాన్నలు ముల్లు వంక పరీక్ష ఫలితాలు చూసినట్టు చూస్తారు. ఎక్కువొస్తే మా వంశం అంటారు, తక్కువొస్తే భార్య వంక తిరుగుతారు. అమ్మలు ముల్లు ఆగేదాకా ఊపిరి పీల్చరు. ఇక నాయనమ్మలు, అమ్మమ్మలు వేరే జాతి. వాళ్ళు కొంగు చాచి నా పలకను మూసేస్తారు, వెనక వరసలో ఉన్నవాళ్ళు బరువు చూసి దిష్టి పెడతారని. అంకె పైకి చదవవద్దని కరుణమ్మను బతిమాలుకుంటారు. ఆవిడ రహస్యం చెప్పినట్టు చెవిలో చెబుతుంది. ఆ తర్వాత అదే నాయనమ్మ ఆ అంకెను బయటి హాలు దాటకముందే నలుగురికి చెబుతుంది. ఇదేం న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంత చూసినా నాకు మరపురానిది చౌడమ్మగారి మనవడి తూకం.

చౌడమ్మది మగ్గం పని. పెళ్ళినాటి నుంచి నేత నేసి నేసి, వేళ్ళు ఊరికే ఉన్నప్పుడు కూడా పోగులు సవరిస్తున్నట్టే కదిలేవి. రొండిన వక్కాకు సంచి, నోట్లో మాట సిద్ధం. ఆమె కోడలు హేమ సన్నగా, నెమ్మదిగా ఉండేది. అడిగిందానికి జవాబు చెప్పడానికి ముందు అత్తగారి ముఖం చూసేది. హేమ చంకలో రెండు నెలల భార్గవ. చౌడమ్మ చిటికెనవేలు పట్టుకుని, కాదు, ఆ వేలు పట్టుకుని ఆవిడనే లాక్కుంటూ, భార్గవ అక్క మణిమాల. దానికింకా మూడేళ్ళు నిండలేదు. అది గదిలో అడుగుపెట్టిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది, ఈ పూట తీరికగా గడవదని.

వాళ్ళు రావడం అది రెండోసారి. కిందటి నెల వచ్చినప్పుడు బిడ్డను ఉయ్యాల్లో వేసి నాలుగు రోజులైంది. పుట్టింటివాళ్ళు పెట్టిన వెండి అంతా వాడి ఒంటిమీదే ఉంది. చేతులకు మురుగులు, కాళ్ళకు గజ్జెల కడియాలు, నడుముకు మువ్వల మొలతాడు. పైన ఒక మందపాటి శాలువ, కింద తడిసిన గుడ్డ. అన్నీ తీసి పడుకోబెట్టమంది కరుణమ్మ. శుక్రవారం పూట బిడ్డ ఒంటిమీద వెండి తీయకూడదంది చౌడమ్మ. బయట వరస వీధిదాకా ఉంది. కరుణమ్మ ఎంతమందితోనని పోరాడుతుంది, సరే కానిమ్మంది. ఉన్నదున్నట్టు వాడిని నా మీద పడేశారు. వాడు కాళ్ళు తన్నుకుంటే పళ్ళెమంతా గల్లుగల్లుమంది. నేను ఉన్నదంతా కలిపి తూచి చెప్పాను. వెండి ఎంత, బిడ్డ ఎంత అని విడదీసి చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు, అడిగినా నాకు చేతకాదు.

ఈసారి మంగళవారం. పైగా ఊళ్ళో దొంగల గోల. ఆటోలో చంటిపిల్ల కడియం ఎవరో లాగేశారని వీధంతా చెప్పుకుంటున్నారు. అందుకని చౌడమ్మ ఇంటి దగ్గరే వెండి మొత్తం ఒలిచి వక్కాకు సంచిలో వేసి, రొండిన దోపుకుంది. గదిలో ఉక్కగా ఉందని హేమ శాలువ కూడా తీసేసింది. భార్గవ నా పళ్ళెంలోకి దిగంబరంగా వచ్చాడు. నాకు అలా వచ్చేవాళ్ళంటే ఇష్టం. ముల్లు కదిలి, ఆగింది. కరుణమ్మ వంగి చూసింది. ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది.

పిల్లవాడు పెరిగాడు, కానీ పెరగవలసినంత కాదు. నెలకు పెరగాల్సిందాంట్లో మూడో వంతు కూడా లేదు. డాక్టరుగారు హేమను ఎన్నిసార్లు పాలిస్తున్నావు, తాగాక నిద్రపోతున్నాడా, గుడ్డలు ఎన్ని తడుపుతున్నాడు అని ఓపికగా అడిగారు. హేమ అన్నిటికీ బాగానే జవాబు చెప్పింది. కానీ నా ముల్లు చూపించిన అంకె ముందు ఆ జవాబులకు విలువ లేకుండా పోయింది. అంకె ఎదుట మనుషులు ఇట్టే నోరు మూసుకుంటారు. చదువుకున్నవాళ్ళు మరీను.

చౌడమ్మకు కావలసింది ఇదే. ఉయ్యాల రోజు నుంచీ ఆమెది ఒకటే పాట, పాలు చాలడం లేదు, డబ్బా మొదలుపెట్టండని. పిల్లవాడు ఏడ్చినా అదే మాట, నవ్వినా అదే మాట. చుట్టుపక్కల ఆడవాళ్ళ దగ్గర కూడా అదే మాట. ఆ నెలంతా హేమ బిడ్డకు పాలిస్తున్న ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి, ఏమన్నా వస్తున్నాయా అని అడిగి పోయారట. ఈ రోజు డాక్టరమ్మ వాడు బాగున్నాడంటే ఇక ఎవరూ అడగరన్న ఆశతో వచ్చింది పాపం. ఆ ఆశ నా ముల్లు దగ్గర తెగిపోయింది.

"నేను మొదటి నుంచీ మొత్తుకుంటానే ఉన్నా గదమ్మా" అంది చౌడమ్మ డాక్టరుతో. "ఈ పిల్లకి చాలటంలా."

డాక్టరుగారు కాసేపు ఆలోచించి, అయితే కొన్నాళ్ళు తల్లిపాలతోపాటు డబ్బాపాలు కూడా పట్టి చూద్దామన్నారు. హేమ తల ఊపింది. తల ఊపుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. నేను అబద్ధం చెప్పలేదు. కిందటిసారి చెప్పిందీ నిజమే, ఇప్పుడు చెప్పిందీ నిజమే. రెండు నిజాలూ కలిసి ఒక అమాయకురాలి నెత్తిన అబద్ధమై కూర్చున్నాయి. ఇంత జరుగుతుంటే నాకున్నది ఒక్క ముల్లు. అది కూడా ఎవరో ఏదో పెడితేగానీ కదలదు.

ఇక్కడ మణిమాల సంగతి చెప్పాలి. పెద్దవాళ్ళు ఇలా తలలు వేలాడేసుకుని ఉన్న సమయంలో అది డాక్టరు బల్ల మీది టార్చిలైటు వెలిగించి చెప్పుల్లోకి చూసింది. నాలుక నొక్కే పుల్లలు నాలుగు నోట్లో పెట్టుకుంది. కుళాయి తిప్పింది. కరుణమ్మ కుళాయి కట్టడానికి వెళ్ళగానే స్టూలెక్కి నా దగ్గరికి వచ్చింది. ముందు టార్చిలైటు నా పళ్ళెంలో పెట్టింది. ముల్లు చూసింది. తృప్తి కలగలేదు. తన చెప్పు పెట్టింది. రెండో చెప్పు పెట్టింది. నా జన్మలో అంత శ్రద్ధగా తూకం చూసినవాళ్ళు ఆ ఆదివారం ఆయాల తర్వాత ఇదొక్కతే.

టీకా వేసే సమయానికి బిడ్డను గట్టిగా పట్టుకోవడానికి చౌడమ్మ ముందుకు వంగింది. రొండిన గుచ్చుకుంటున్న సంచిని తీసి బల్ల మీద పెట్టింది. భార్గవ సూదికి కెవ్వుమన్నాడు. అందరి కళ్ళూ వాడి మీదే. మణిమాల సంచి అందుకుని, మూతి విప్పి, నా పళ్ళెంలో బోర్లించింది. వక్కలు, ఆకులు, సున్నం డబ్బీ, వాటితోపాటు మురుగులూ కడియాలూ మొలతాడూ గల్లుమని పడ్డాయి. నా ముల్లు ఒక్క గెంతు గెంతింది. నేను కావాలనే కొంచెం ఎక్కువ ఊగానేమో, ఇప్పుడు గుర్తు లేదు.

చౌడమ్మ గబుక్కున వచ్చి మనవరాలి వీపు మీద ఒక్కటి వేసింది. మణిమాల ఏడవలేదు. తమ్ముడి వంక వేలు చూపించి, ఇంతమంది పెద్దవాళ్ళకు ఈ చిన్న విషయం ఎందుకు తెలియలేదన్నట్టు చెప్పింది.

"తమ్ముడు గల్లుగల్లుమనటంలా నాయనమ్మా. అప్పుడు గల్లుగల్లుమన్నాడు గదా."

డాక్టరుగారు చీటీ మీద డబ్బాపాల పేరు రాస్తున్నారు. కరుణమ్మ బిడ్డ తొడకు దూది అదుముతోంది. హేమ వాడిని భుజాన వేసుకుని ఊరడిస్తోంది. ఆ మాట విన్నది చౌడమ్మ ఒక్కతే. వెండి ఏరుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఆమె నా ముల్లు వంక చూసింది. చేతిలోని కడియాలు మెల్లగా పళ్ళెంలో పెట్టి మళ్ళీ చూసింది. తీసి చూసింది. మగ్గం మీద తప్పిన పోగును పట్టుకున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు కానీ, ఇలాగే ఉండి ఉంటుంది.

ఆమె ఊరుకుంటే సరిపోయేది. వెండి సంచిలో వేసుకుని, మనవరాలికి ఇంకొకటి వేసి, బయటికి నడిస్తే నెలరోజులుగా తాను అంటున్నదే డాక్టరు చీటీ మీద నిలిచేది. కోడలి ముందు ఓడిపోవడం ఏ అత్తగారికి ఇష్టం? నేనైతే ఆమె సంచి మూతి బిగిస్తుందనే అనుకున్నాను. మనుషుల మీద నాకున్న అంచనా అలాంటిది.

"ఆ చీటీ రాయబాకండి డాక్టరమ్మా" అంది చౌడమ్మ. "పోయినసారి ఇయ్యన్నీ వాడి ఒంటి మీదనే ఉండాయి. శాలవా ఉంది. సిస్టరమ్మ తియ్యమన్నా నేనే తియ్యనీలా."

డాక్టరుగారు కలం పక్కన పెట్టి లేచి వచ్చారు. వక్కలూ చెప్పులూ టార్చిలైటూ తీసేయించి, వెండి ఒక్కటే తూచారు. తర్వాత ఆ శాలువ, ఒక తడిగుడ్డ కూడా వేయించారు. ఎంతో సేపటి నుంచి ఒక మాట గొంతులో అడ్డం పడినవాడికి మంచినీళ్ళు దొరికినంత సుఖంగా చెప్పాను. డాక్టరుగారు లెక్క చూసి నవ్వేశారు. కిందటి నెల తూగింది పిల్లవాడు ఒక్కడే కాదు, వాడి అమ్మమ్మగారి పెట్టుపోతలు కూడా. అవి తీసేస్తే వాడు ఈ నెలలో పెరగవలసినంతా పెరిగాడు, ఇంకొంచెం ఎక్కువే పెరిగాడు. డబ్బా గిబ్బా ఏమీ వద్దని చీటీ చింపేశారు. సరిగ్గా అప్పుడే భార్గవ నాయనమ్మ చీర మీద ధారగా ఒంటికి పోసి, తన తరఫు సాక్ష్యం కూడా ఇచ్చాడు.

మణిమాల మాత్రం తనను కూడా తూచేదాకా కదలనంది. నా శక్తికి మించిన పని అది. కానీ ఎత్తి కూర్చోబెట్టారు. వెండి మురుగులు రెండూ బొటనవేళ్ళకు తగిలించుకుని, పళ్ళెంలో మహారాణిలా కూర్చుంది. నా స్ప్రింగు ఆ రోజు నుంచి కాస్త వదులైన మాట నిజం. అందుకు నాకేమీ విచారం లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు వైద్యశాలకు వెలిగే అంకెల కాటా వచ్చింది. అది ఎత్తు రాగి చెంబంత కూడా ఉండదు, కానీ గీర మాత్రం కొండంత. నన్ను మందుల అట్టపెట్టెలుండే వెనక గదిలో పెట్టారు. పాత ఇనుము వాడు వచ్చే వారం వస్తాడని కరుణమ్మ అంటుంటే విన్నాను. వెళ్ళడానికి నాకు బాధ లేదు, చెప్పవలసింది చెప్పే పోతున్నాను. అయితే ఆ రోజు సంగతి ఇంకొంచెం మిగిలింది.

ఆ పూట తూకం గది తలుపు తీసే ఉంది. టీకా నొప్పికి భార్గవ మళ్ళీ ఏడుపు అందుకున్నాడు. హేమ బయటి హాల్లో గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చుని పాలివ్వబోయి, ఎదురుగా అంతమంది మగవాళ్ళను చూసి సందేహించింది. చౌడమ్మ వచ్చి ఆమె ముందు నిలబడింది. శాలువ విప్పి రెండు చేతులతో తెరలా పట్టుకుంది. చీర తడిసే ఉంది. ఏమన్నా వస్తున్నాయా అని అలవాటుగా అడగబోయిన వరసలో ఉన్న పక్కింటావిడను చూపుతోనే వెనక్కి పంపింది. కోడలికి వీపు పెట్టి నిలబడింది, వెనక్కి తిరగలేదు. తిరిగి మాట్లాడటం ఆమెకు కష్టంగా ఉన్నట్టుంది.

"మావాడికి నా పాలు చాలలా అమ్మాయ్" అంది చివరికి, హాలు వంకే చూస్తూ. "మగ్గం దిగే తీరిక ల్యాక ఇగిరిపొయినయ్యి. మేకపాలు పోసి పెంచా. నీకూ అంతేనేమో అనుకున్నా."

శాలువ ఇంకొంచెం పైకెత్తి పట్టుకుని చౌడమ్మ మళ్ళీ తనే అంది.

"రెండో పక్క కూడా పట్టు. నిండుగా ఉండాయి గదా."

హేమ బిడ్డను రెండో వైపుకు మార్చుకుంది.